దీవెనమ్మగారి మొహం

"మెడలో రెండు పేటల గొలుసెయ్యి. పట్టుసీర కట్టు. మొన్న పోయిన ముసలమ్మకి సాయంత్రం సర్చిలో ఆదరణ కూడికంట, ఫోటో పట్టికెళ్తారు, బేగి కానీ" అని చెప్పి, తాగిన టీ గ్లాసు నా కీబోర్డు పక్కనే వదిలేసి పోయాడు మా ఆయన. గోపాలపట్నంలో మా స్టూడియో బోర్డు మీద పేరు గవర్రాజుది. పన్నెండేళ్లుగా కంప్యూటర్ ముందు కూర్చున్న శ్రీసత్యని, అంటే నన్ను, "మా ఇంటిది కూస్త సాయం సేత్తాది" అని పరిచయం చేస్తాడు. వంట చేసి, పిల్లని బడికి పంపి, వచ్చి సాయంత్రం దాకా నేను చేసేది సాయమన్నమాట!

చనిపోయినవాళ్ల ఫోటోలన్నీ నా చేతి మీదుగానే వెళ్తాయి. మగవాళ్లకి కోటు, ఆడవాళ్లకి నీలం పట్టుచీర. ఈ చుట్టుపక్కల పోయిన ఆడవాళ్లందరూ ఆ ఒక్క చీరలోనే గోడలెక్కారు. తలుచుకుంటే నవ్వొస్తుంది, ఆ వెంటనే ఒళ్లు మండుతుంది.

దీవెనమ్మగారిదీ అంతే. ఆవిడకి విడిగా ఒక్క ఫోటో లేదు. కొడుకు జాక్సన్ ఇచ్చింది తన పెళ్లి ఫోటో. అందులో ఆవిడ ఓ మూల సాంబారు బకెట్‌తో వంగి ఉంది, సగం చెంపే కనిపిస్తోంది. మిగతా సగం నేనే అతికించి, రంగు తేల్చి, ముడతలు తీసి, గొలుసు వేశాను.

మధ్యాహ్నం కూతురు ఫ్లోరా వచ్చింది. స్క్రీన్ చూసి, "ఇదెవరి ఫోటో అక్కా? మా అమ్మదేది?" అంది.

నాకు తల కొట్టేసినట్టయింది. కన్నకూతురే పోల్చుకోలేకపోయింది! కుర్చీ జరిపి, "మీ అమ్మ ఎలాగుంటాదో సెప్పమ్మా, గీత్తాను" అన్నాను.

ఫ్లోరా కళ్లు మూసుకుంది. "ముందు పన్ను లేదక్కా, నవ్వితే కొంగు అడ్డెట్టుకుంటాది. ఎడమ కనుబొమ్మ మీద నూనె సిందిన మచ్చ. సెవులికి ఏపపుల్లలే. కమ్మలు అన్నయ్య సదువుకి ఎళ్లిపోనాయి..."

పెళ్లయ్యాక నేను పెన్సిల్ పట్టుకోవడం అదే మొదటిసారి. తను చెప్పింది, నేను గీశాను, చెరిపాను, మళ్లీ గీశాను. తను కళ్లు తెరిచింది. కాగితం మీద ఆ మచ్చని వేలితో తాకి, "అమ్మా, తిన్నావా?" అంది. నా భుజం మీద వాలి ఏడ్చింది. నేనూ ఏడ్చాను.

తను వెళ్లాక బొమ్మని స్కాన్ చేశాను గానీ కాలు నిలవలేదు. గదిలో ఊరికే తిరిగాను. ఎవరి మీదో తెలియని కోపం.

నాలుగింటికి గవర్రాజు వచ్చాడు. "ఇదేటే? పన్నులేని ముసల్దాన్ని ఇత్తే జాక్సన్ నా మొహాన కొడతాడు. గొలుసున్నదే ప్రింటు తియ్యి. ఎవుర్నడిగి గీసేవు?"

"ఆవిడ్ని సూసినోళ్లనడిగేను."

"ఎక్కువ మాటాడకు."

పొద్దుటి నుంచి లోపల తిరుగుతున్నది నోటికొచ్చేసింది. "సరే, కళ్లు మూసుకో. నా మొహం ఎలాగుంటాదో సెప్పు."

"ఇప్పుడేటి ఈ ఆటలు?"

"సెప్పు. సరిగ్గా సెప్తే గొలుసున్నదే తీసేత్తాను."

విసుక్కుంటూనే మూసుకున్నాడు. గడ్డం గోక్కున్నాడు. "పెద్ద బొట్టు..." అన్నాడు చివరికి.

నేను పెద్ద బొట్టు మానేసి ఆరేళ్లయింది. ఆయన కళ్లు తెరిచేలోగా, పన్నులేని దీవెనమ్మగారికి ప్రింట్ నొక్కాను.