జీతానికి పేరెక్కడ రాస్తాం

మా వదిన కృపామణికి పేర్లంటే ప్రాణం. ఆమెను ఒక్కదాన్నే అనడం అన్యాయం, మా వాళ్ళందరిదీ అదే వరస. బాపట్ల దగ్గర మా ఊరి చర్చిలో ప్రతి ఫ్యాను రెక్క మీదా ఎవరో ఒకరి పేరుంటుంది. ట్యూబ్‌లైటు మీద ఎర్ర రంగుతో "ఫలానావారి జ్ఞాపకార్థం" అని ఎంత లావుగా రాశారంటే, కింద పాటల పుస్తకం చదువుకోవడానికి వెలుగు మిగలదు. చిన్నప్పుడు ప్రసంగం విసుగు పుట్టించినప్పుడల్లా ఫ్యాన్ల మీది పేర్లు చదువుదామని కరెంటు పోవాలని ప్రార్థన చేసేవాణ్ణి. దేవుడు నా ప్రార్థనల్లో తరచుగా ఆలకించింది అదొక్కటే.

మా అన్న ప్రేమ్‌నాథ్ వేరే రకం. ఇక్కడ ఇంగ్లండులో, మేముండే కోవెంట్రీలో, ఒక ఆసుపత్రిలో ఆపరేషన్ థియేటర్ నర్సు. సెలవులు రాగానే అందరూ ఇండియాకు టికెట్లు కొనుక్కుంటే ఆయన ఆఫ్రికాలోని మలావీకి కొనుక్కునేవాడు. అక్కడ ఒక పల్లెలో మిషన్ ఆసుపత్రి ఉంది. ఆ ఊరి పేరు ఇప్పటికీ నాకు నోరు తిరగదు. అక్కడికి పోయి సెలవంతా గాయాలు కడిగి, పరికరాలు ఉడకబెట్టి, నల్లగా మాడి తిరిగొచ్చేవాడు. రిటైరయ్యాక అక్కడే ఉండిపోతానని అనేవాడు. "నువ్వు పో, నేను రాను, పాములుంటాయి" అని వదిన అనేది. ఈ గొడవ తేలకముందే గుండెపోటొచ్చి పోయాడు. కూతురు అక్సా అప్పటికే డాక్టరు. తండ్రిని సమాధి చేసిన కొన్నాళ్ళకే, ఆయన ఉండిపోదామనుకున్న చోటికి తను వెళ్ళిపోయింది.

ఇంగ్లండులో మట్టి సర్దుకునేదాకా సమాధి మీద రాయి పెట్టనివ్వరు. అది కౌన్సిల్ రూలు. నెలల తరబడి వదిన ఆదివారం ఆదివారం వెళ్ళి, ఒక మట్టి కుప్ప ముందు, అందులో గుచ్చిన చెక్క ముక్క ముందు నిలబడేది. ఆ చెక్క మీద ఒక నంబరుండేది.

"పేరు లేదు ఫ్రెడీ. మీ అన్నకి నంబరేశారు" అని తిరిగొచ్చేటప్పుడు కారులో ఏడ్చేది.

ఆ తరవాత ఆమె చేసిన పనికి నాకు కోపం వచ్చిన ప్రతిసారీ ఆ ఏడుపు గుర్తొచ్చి సగం చల్లారుతుంది. మిగతా సగం అలాగే ఉంది.

అన్న పోయాక ఆసుపత్రివాళ్ళు కొంత డబ్బిచ్చారు. అది ముట్టుకోనని, దాంతో ఆ పల్లె ఆసుపత్రికి ఒక ఇంక్యుబేటర్ పంపుతానని వదిన నిర్ణయించింది. నెలలు నిండకుండా పుట్టిన పసికందుల్ని వెచ్చగా ఉంచే గాజు పెట్టె. ఆ సాయంత్రమే అక్సాకు వీడియో కాల్ చేసి చెప్పింది. నేనూ పక్కనే ఉన్నాను.

అక్సాకు తెలుగు అంతా అర్థమవుతుంది గాని జవాబు మాత్రం ఇంగ్లీషులోనే ఇస్తుంది, అదీ కోవెంట్రీ యాసలో. సంబరపడుతుందనుకుంటే ఆ పిల్ల మొహం వేలాడేసింది.

"వద్దమ్మా. ఇక్కడున్నది సోలార్ కరెంటు, బల్బులు వెలగడమే గొప్ప. అలాంటి బిడ్డల్ని మేం తల్లి గుండెకి ఆనించి గుడ్డతో కట్టేస్తాం. చాలామంది బతుకుతున్నారు. నువ్వు చెయ్యాలనుకుంటే ఒక పని చెయ్యి. ఎస్తేర్ జీతం ఇవ్వు."

ఎస్తేర్ అంటే ఆ ఆసుపత్రిలో మిడ్‌వైఫ్. రాత్రి పురుళ్ళన్నీ ఆమె చేతి మీదే. ఆమె జీతాన్ని ఇంగ్లండులోనే ఒక చిన్న చర్చివాళ్ళు ఏళ్ళ తరబడి పంపారు. ఆ చర్చిలో మిగిలినవాళ్ళంతా ముసలివాళ్ళు. ఒక్కొక్కరే దేవుని దగ్గరికి వెళ్ళిపోయారు, భవనం అమ్మేశారు, ఇప్పుడందులో కార్పెట్లు అమ్ముతున్నారట. దాంతో జీతం ఆగిపోయింది.

"ఆమె వెళ్ళిపోతే రాత్రిళ్ళు పురిటి గదికి తాళం వెయ్యాల్సిందే. నేనొక్కదాన్నే అన్నీ చూడలేను. నాన్న పేరు మీద ఆమెను నిలబెట్టు" అంది అక్సా.

వదిన కాసేపు ఆలోచించింది. నిజంగానే ఆలోచించింది, అబద్ధం చెప్పను. తరవాత అడిగింది.

"జీతానికి పేరెక్కడ రాస్తామే?"

అక్సా నోరు తెరిచేలోపే మళ్ళీ అందుకుంది.

"నెల తిరిగేసరికి అయిపోద్ది. మళ్ళీ నెల, మళ్ళీ అయిపోద్ది. మీ నాన్న పేరు అట్టా నెలనెలా ఖర్చయిపోవాల్నా? మెషిన్ అయితే అక్కడ నిలబడి ఉండిద్ది. నలుగురూ చూస్తారు."

"జీతం తీసుకునే మనిషి నుదుటి మీద పచ్చబొట్టు పొడిపిద్దాం వదినా, సరిపోద్ది" అన్నాను. ఆమెను ఏడిపించడం నాకలవాటు. నవ్వుతుందనుకున్నాను, నవ్వలేదు. అక్సా ఫోను పెట్టేసింది.

మా తెలుగువాళ్ళ ఆరాధన, ఫెలోషిప్పు అంటాం, ఒక పాత ఇంగ్లీషు చర్చి హాల్లో, వాళ్ళ ఆరాధన అయిపోయాక మధ్యాహ్నం జరుగుతుంది. వదిన కొననే కొన్న ఇంక్యుబేటర్ ఒక ఆదివారం వేదిక మీద రిబ్బను కట్టుకుని పెళ్ళికూతురిలా కూర్చుంది. పాస్టర్ క్రిస్టఫర్ గారు దాని మీద చెయ్యి వేసి చాలాసేపు ప్రార్థన చేశారు. బిర్యానీ పెట్టాం, ఫోటోలు దిగాం. తాళంచెవులు చేసే కొట్టులో చెక్కించిన ఇత్తడి పలక మెషిను మీద మెరుస్తోంది. ప్రేమ్‌నాథ్ జ్ఞాపకార్థం, భార్య, కుమార్తె, తమ్ముడు. తమ్ముడంటే నేనే. నా పేరు తీసేయమని నేనూ అనలేదు.

మెషిన్ ఓడెక్కి వెళ్ళింది. అందిందని అక్సా ఒక ఫోటో పంపింది, కింద ఒక్క మాటా రాయలేదు. వదిన ఆ ఫోటోను ఫ్రేము కట్టించి హాల్లో పెట్టుకుంది. నేను చూసినప్పుడల్లా అందులో ప్లగ్గు కనిపిస్తుందేమోనని వెతికేవాణ్ణి.

అక్సా తన చేతి ఖర్చుల్లోంచి ఎస్తేర్‌కు కొంత ఇస్తూ వచ్చింది. అది ఎన్నాళ్ళు నడుస్తుంది? మొన్న చలికాలంలో ఫోను చేసింది. కోప్పడలేదు, అరవలేదు. అందుకే నాకు భయం వేసింది.

"ఎస్తేర్ ఇంగ్లండు వస్తోందమ్మా, కేర్ హోమ్‌లో ముసలివాళ్ళని చూసుకునే పనికి. నేనే రిఫరెన్స్ రాసిచ్చాను. అక్కడ ఆమెకి ఎవరూ తెలీదు. కోవెంట్రీ బస్ స్టేషన్లో దిగుతుంది, నువ్వూ బాబాయీ వెళ్ళి తీసుకురండి."

వెళ్ళాం. బస్సు దిగిన మనిషి పల్చటి స్వెట్టర్లో వణుకుతోంది. వదిన తన కోటు విప్పి ఆమెకు తొడిగి, దారి పొడుగునా తను వణికింది. మా వదిన మంచిది కాదని నేనెప్పుడూ అనలేదు. ఇంటికి తీసుకొచ్చి, అక్సా గది ఇచ్చి, పప్పూ అన్నం పెట్టి, ఎదురుగా కూర్చుని కొసరి కొసరి వడ్డించింది.

గోడ మీద అన్న ఫోటో చూసి ఎస్తేర్ ముద్ద ఆపేసింది.

"బ్రదర్ ప్రేమ్" అంది. కళ్ళు తుడుచుకుని ఇంగ్లీషులో చెప్పింది. "వార్డులో పాటలు పాడేవాడు. ఒక్క రాగమూ సరిగా వచ్చేది కాదు. పురిటినొప్పుల్లో ఉన్నవాళ్ళు కూడా నవ్వేవాళ్ళు."

అది నిజం, అన్నకు రాగం రాదు. వదిన ఏడుస్తూ నవ్వింది. అంత సంతోషంగా ఆమెను చూసి చాలా కాలమైంది. ఆ సంతోషంలోనే అడిగేసింది, ఆయన పేరు మీద పంపిన మెషిన్లో ఎంతమంది పిల్లలు పడుకున్నారని.

ఎస్తేర్ నా వైపు చూసింది. నేను పప్పు గిన్నె వైపు చూశాను.

"చాలా శుభ్రంగా ఉంచాం సిస్టర్. దుమ్ము పడకుండా నేనే తుడిచేదాన్ని."

"ఒక్కరు కూడా...?"

"కరెంటు చాలదు కదా సిస్టర్."

"మరి ఇప్పుడు రాత్రిళ్ళు పురుళ్ళెవరు పోస్తున్నారు?"

"ఎవరూ లేరు. చీకటి పడితే తాళం వేస్తారు. డాక్టర్ అక్సా ఉన్న రోజున ఆమె తెరుస్తుంది. పాపం ఆమె ఎన్నని చూస్తుంది?"

ఎస్తేర్ నిష్ఠూరంగా అనలేదు. అడిగినదానికి జవాబు చెప్పింది, అంతే. వదిన లేచిపోయింది. తన కంచంలో అన్నం కలపనైనా లేదు.

మర్నాడు పొద్దున్నే ఎస్తేర్‌ను కూర్చోబెట్టి వదిన బతిమాలింది. నువ్వు వెనక్కి వెళ్ళు, నీ జీతం నేను పంపుతాను, ఈ ఇల్లు అమ్మేసైనా పంపుతానంది. ఎస్తేర్ ఆమె చేతులు పట్టుకుంది.

"ఆ ముసలివాళ్ళు కూడా ఎప్పటికీ పంపుతామనే అన్నారు సిస్టర్. మంచివాళ్ళు, అబద్ధం ఆడలేదు. చచ్చిపోయారు. మీకూ తల నెరిసింది. నా పిల్లలు మా అమ్మ దగ్గర ఉన్నారు, వాళ్ళ బడి నా ఒక్కదాని మీదే ఉంది. మీరు సరిగ్గా అవసరమైనప్పుడు అడిగుంటే నేను ఊరు దాటేదాన్ని కాదు. ఇక మళ్ళీ నమ్మలేను."

 ఆ తరవాత కారులో వదిన నాతో అంది.

"మీ అన్నయితే జీతమే పంపేవాడు కదయ్యా."

పంపేవాడనే అన్నాను. ఏదో ఒక పరాచికం ఆడి తేలిక చేద్దామనుకున్నాను. నోరు రాలేదు.

కేర్ హోమ్‌లో ఎస్తేర్‌కు ఎప్పుడూ నైట్ డ్యూటీలే పడేవి. ఆదివారాలు ఫెలోషిప్పు అయ్యాక మాతో భోంచేసి, నా కారులో పనికి వెళ్ళేది. ఒక ఆదివారం సాయంత్రం చేపల పులుసు తింటుండగా ఆమె ఫోను మోగింది. వాళ్ళ భాషలో ఎవరో ఆడమనిషి అరుస్తోంది. ఎస్తేర్ కూడా గట్టిగా ఏదో చెబుతోంది. భాష తెలియకపోయినా నాకు అర్థమైంది, ఎందుకంటే ఆమె రెండో చెయ్యి ఒళ్ళో ఊరికే ఉండలేదు. బిడ్డ తలను పట్టుకున్నట్టు, తిప్పినట్టు కదులుతూనే ఉంది.

మధ్యలో లైను తెగిపోయింది. మళ్ళీ మళ్ళీ చేసింది. కలవలేదు.

"ఏమైంది?" అంది వదిన.

"మా ఊరివాళ్ళే. కోడలికి ఏడో నెలలోనే నొప్పులు. ఆసుపత్రి దగ్గరికి తీసుకొచ్చారు. తాళం వేసుంది. డాక్టర్ అక్సా వీసా పని మీద రాజధానికి వెళ్ళిందట. పెద్దాసుపత్రికి పోదామంటే వానకి దారి తెగింది. నేనింకా అక్కడే ఉన్నాననుకుని తలుపు కొట్టి కొట్టి, ఎవరి దగ్గరో నంబరు తీసుకుని చేసింది అత్తగారు."

"నువ్వేం చెప్పావు?"

"చెప్పగలిగింది చెప్పాను. చేతులు ఇక్కడున్నాయి సిస్టర్, మాటలే పంపగలిగాను."

డ్యూటీకి టైమైంది. ఆమె కోటు వేసుకుంది. ఆ కేర్ హోమ్‌లో ఎవరో ముసలాయనకి పక్క మార్చాలి, మందులివ్వాలి. అదీ అవసరమే, ఆయనా మనిషే. కారులో ఆమె ఫోను ఒళ్ళో పెట్టుకుని చూస్తూ కూర్చుంది. అది మోగలేదు.

మర్నాడు మధ్యాహ్నం అక్సా నుంచి కాల్ వచ్చింది. దారిలో నీళ్ళు తీశాక అప్పుడే ఊరు చేరిందట. ఎస్తేర్ నిద్ర లేచి వంటింట్లో టీ తాగుతోంది. వదిన ఫోను స్పీకర్లో పెట్టింది.

తల్లి బతికింది. ఆసుపత్రి వరండాలో, తాళం వేసిన తలుపు ముందే ప్రసవమైంది. బిడ్డ పుట్టి ఏడ్చిందట కూడా. ఎస్తేర్ ఫోనులో చెప్పినట్టే తల్లి గుండెకు కట్టారు గాని, ఊపిరి నిలబెట్టే పని తెలిసిన మనిషి ఒక్కరూ దగ్గర లేరు. తెల్లవారేదాకా బతికి, ఆ తరవాత చనిపోయింది. ఆడపిల్ల.

అక్సా ఇంతే చెప్పింది. ఎవరినీ ఏమీ అనలేదు. "పనుందమ్మా, ఉంటాను" అని పెట్టేసింది.

వదిన నిలబడ్డచోటే నిలబడింది. ఎస్తేర్ టీ కప్పు పక్కన పెట్టి, దగ్గరికొచ్చి ఆమె భుజం మీద చెయ్యి వేసింది. ఓదార్చాల్సింది ఎవరు, ఓదారుస్తున్నది ఎవరు అని నాకు సిగ్గేసింది.

"దేవుని చిత్తం సిస్టర్" అంది ఎస్తేర్ ఇంగ్లీషులో, మెల్లగా.

మా ఇళ్ళల్లో ఆ మాట పడని రోజుండదు. అన్న పోయిన రోజు వందసార్లు విన్నాం, వదినే అందరికన్నా ఎక్కువసార్లు అంది. ఇప్పుడు మాత్రం చెయ్యి కాలినట్టు వెనక్కి జరిగింది.

"కాదు తల్లీ. దేవుడి మీదకి నెట్టబాకు. ఆయన నీ జీతం ఇమ్మని నా కూతురి చేత చెప్పించాడు. వద్దన్నది నేను. ఇది ఆయన చిత్తం కాదు, నా చిత్తం."

తెలుగులో అనేసింది. ఎస్తేర్‌కు అర్థం కాలేదు, ఏమందని నా వైపు చూసింది. నేను ఆ మాట తర్జుమా చెయ్యలేక తల దించుకున్నాను. వదినే ఆమె రెండు చేతులూ పట్టుకుని, ఒక్కో మాటా ఆపి, అంతా మళ్ళీ ఇంగ్లీషులో చెప్పింది.