కునుకు చిలకలు

పొద్దున్నే బల్ల మీద గోనెపట్టాలు సర్ది, కరక్కాయ నీళ్ళలో తడిపి ఆరబెట్టిన గుడ్డ పరిచాక, గోపాలకృష్ణ కొడుకు వైపు తిరిగేవాడు.

"ఒంట్లో ఎలా ఉందిరా?"

బాగుందంటేనే చిలకల చెక్క అచ్చు చేతికిచ్చేవాడు. పెడనలో ఆయన కలంకారీ షెడ్డుకి ముప్ఫై ఏళ్ళుగా అదే పద్ధతి. అద్దేవాడి ఒళ్ళు ఎలా ఉంటే గుడ్డ మీద చిలకలూ అలాగే ఉంటాయి మరి. జలుబు చేసినవాడు అద్దితే రెక్కలు ముడుచుకుంటాయి. కోడలు నాగజ్యోతి, పాప కడుపులో ఉన్నప్పుడు సరదాకి ఒక అంచు అద్దితే, చిలకలన్నీ పొట్టలు వేసుకుని కూర్చున్నాయి. గుడ్డ అద్దినవాణ్ణి వదిలి ఊరు దాటేదాకా అంతే. దాటాక ఎలా ఉన్నవి అలాగే ఉండిపోతాయి.

ఆ శ్రావణంలో కొడుకు ఫణీంద్ర అద్దిన చిలకలు కళ్ళు మూయడం మొదలుపెట్టాయి.

బందరు బట్టల కొట్టు జగన్మోహనరావు ఫోన్ చేశాడు. "అబ్బ, ఎంత హాయిగా పడుకున్నాయండీ! పడగ్గదిలోకి ఇవే కావాలంటున్నారు జనం. ఇంకో రెండొందల దుప్పట్లు వేయించండి."

ఆ మర్నాటి నుంచి గోపాలకృష్ణ కొడుకుని ఒంట్లో ఎలా ఉందని అడగడం మానేశాడు.

"మావయ్యగారూ, ఆయన కంచం ముందే తూగుతున్నారు," అంది నాగజ్యోతి ఒకరోజు. "నిన్న పాపని స్కూలు నుంచి తెచ్చి, తెచ్చిన సంగతే మర్చిపోయి మళ్ళీ వెళ్ళారు."

"పనిమంతుడమ్మా. అలసట ఉండదా?"

"అలసట కాదండీ, బిళ్ళలు. బందర్లో కిరణ్ అని స్నేహితుడు ఇస్తున్నాడు, డాక్టరు చీటీ లేకుండా."

ముసలాయన కొడుకుని నిలదీశాడు. ఫణీంద్ర నవ్వేశాడు.

"నిద్ర బిళ్ళలే నాన్నా. డాక్టర్లు రాసేవే. గంజాయి కాదు, సారా కాదు. తలలో దూది పరిచినట్టు ఉంటుంది, అంతే."

"రోజుకి ఎన్ని?"

"మొదట్లో ఒకటి. ఇప్పుడు ఒకటికి ఏమీ తెలియట్లేదు. నాలుగు."

గోపాలకృష్ణ బల్ల మీది గుడ్డ వైపు చూశాడు. ఇంకా తొంభై దుప్పట్లు మిగిలి ఉన్నాయి.

"ఈ ఆర్డరు అవ్వగానే మానెయ్యి," అన్నాడు.

ఆదివారం కిరణ్ ఇంట్లో ఫణీంద్ర బిళ్ళల మీద బీరు కూడా తాగాడు. మధ్యాహ్నానికి ఆటోలో ఇంటికొచ్చి, షెడ్డులో గుడ్డల మోపు మీద వాలిపోయాడు. ముసలాయన అప్పుడు కాలవ గట్టున ఉన్నాడు. గుడ్డ తెల్లబడడానికి ఆరేసిన దుప్పట్ల మీద చెంబుతో నీళ్ళు చిలకరిస్తున్నాడు. చిలకల రొమ్ములు ఎప్పటిలాగే ఎండలో లేచి పడుతున్నాయి.

ఉన్నట్టుండి లేవడం మానేశాయి.

చెంబు పట్టుకుని అలాగే నిలబడ్డాడు. ఒకసారి లేచాయి. మళ్ళీ లేవడానికి, ఆయన దుప్పటి ఈ చివర నుంచి ఆ చివరకి నడిచేంత సేపు పట్టింది. ఎర్రటి ముక్కులు నీలానికి తిరుగుతున్నాయి. ఆ షెడ్డులో నీలం రంగు వాడి ఏడాదైంది.

తడి దుప్పటి భుజాన వేసుకుని పరిగెత్తాడు.

"జ్యోతీ! వాడేడీ?"

"ఇప్పుడే పడుకున్నారు. గురక వినబడట్లేదా అండీ?"

"గురక కాదమ్మా అది!"

ఫణీంద్ర పెదవులు ఆ ముక్కుల రంగులోనే ఉన్నాయి. గొంతులో ఏదో గరగరలాడుతోంది. పక్కకి తిప్పి పడుకోబెట్టారు. నాగజ్యోతి నూట ఎనిమిదికి ఫోన్ చేసింది. అంబులెన్సులో బందరు దాకా ముసలాయన దుప్పటి ఒళ్ళో పరుచుకుని ఒక్క చిలకనే చూస్తూ కూర్చున్నాడు. అది ఆగినప్పుడల్లా అరిచాడు. అరిచినప్పుడల్లా అంబులెన్సు కుర్రాడు ఫణీంద్ర ముక్కూ నోరూ కప్పి గాలి సంచీ నొక్కి ఊపిరి పోశాడు.

"గురకే కదా అని వదిలేసి ఉంటే సాయంత్రానికి మిగిలేవాడు కాదు," అంది డాక్టరమ్మ. "ఈ బిళ్ళలకి మందు తోడైతే ఒళ్ళు ఊపిరి తీసుకోవడం మర్చిపోతుంది."

"ఇవాళ్టి నుంచి ఒక్క బిళ్ళ ముట్టనివ్వనండీ!" అన్నాడు ముసలాయన.

"ఆ పని మాత్రం చెయ్యకండి. ఇన్నాళ్ళు అలవాటైన ఒంటికి ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ వస్తాయి. నేను చెప్పినట్టు కొంచెం కొంచెంగా తగ్గించాలి. నెలలు పడుతుంది."

"నెలలా?" అన్నాడు గోపాలకృష్ణ. తొంభై దుప్పట్లు ఎదురుగా నిలబడి తనను చూస్తున్నట్టు తల దించుకున్నాడు.

కార్తీకంలో ఒక ఉదయం ఫణీంద్ర మళ్ళీ బల్ల దగ్గరికొచ్చాడు.

"ఒంట్లో ఎలా ఉందిరా?"

"బాలేదు నాన్నా. చేతులు వణుకుతున్నాయి. నిద్ర పట్టట్లేదు."

ముసలాయన అచ్చు అందించాడు.

"బాలేకపోతే ఇవ్వవు కదా?"

"ఇది అమ్మడానికి కాదులే. అద్దు."

ఆ దుప్పటి నిండా చిలకలు కళ్ళు ఇంతింత చేసుకుని గజగజ వణికాయి. జగన్మోహనరావు ఫోన్ చేసి కునుకు చిలకలు ఎప్పుడిస్తారని అడిగితే, "ఇక రావండీ," అని గోపాలకృష్ణ పెట్టేశాడు. దుప్పటి ఆరగానే తెచ్చి తన మంచం మీదే పరుచుకున్నాడు.

మధ్యాహ్నం అన్నం తిని నడుం వాల్చాడు. వీపు కింద నూట నలభై చిలకలు ఒక్క క్షణం ఊరుకోకుండా గిజగిజలాడాయి. ఆయనకి కునుకు పట్టలేదు. పక్కకి ఒత్తిగిలి, వాటి మీద అరచెయ్యి ఆనించి, సాయంత్రం దాకా అలాగే మేలుకుని ఉన్నాడు.