బుడ్డోడి నిద్ర

దీవిలో దిగిన మర్నాటి నుంచి బుడ్డోడు ఏడవడం మానేశాడు. ఎనిమిది నెలల పిల్లాడు ఏడుపు ఆపితే ఏ ఇంట్లోనైనా సంబరమే. పెద్దావిడ కూడా పైకి సంబరంగానే ఉంది. లోపల మాత్రం ఆవిడకి అంత నిబ్బరం లేదు. ఆ నిద్ర వెనక ఉన్న చెయ్యి తనదే.

పెద్దావిడంటే బుడ్డోడి నాయనమ్మ. ఓపిక ఉన్నన్నాళ్ళూ ఒక క్రెష్‌లో ఆయాగా పనిచేసింది. ఉద్యోగాలకి పరుగెత్తే తల్లులు ఆవిడకి జోలమ్మ అని పేరు పెట్టారు. ఎంత పెంకి పిల్లనైనా భుజాన వేసుకుని వీపు మీద నాలుగు తట్లు తడితే కిక్కురుమనకుండా నిద్రపోతుందని చెప్పుకునేవారు. ఆ తట్లలో మహిమ ఉన్నమాట నిజమే. ఆయాల గదిలో పై అరలో దాచిన జలుబు మందుకి కూడా అందులో వాటా ఉండేదన్న సంగతి మాత్రం ఎవరూ చెప్పుకునేవారు కాదు. వరసగా ఉయ్యాలలన్నీ ఒక్కసారే మోగే మధ్యాహ్నాల్లో అందరూ అదే చేసేవారు. అందరూ చేసే పని తప్పవుతుందని ఆవిడ ఎన్నడూ అనుకోలేదు.

ఈ ప్రయాణానికి అసలు కారణం సముద్రం మీద మోజు కాదు. కొడుకు లిఫ్టులు బాగుచేసే మెకానిక్. ఎక్కడ ఎవరు మధ్య అంతస్తులో ఇరుక్కుపోయినా అతని ఫోనే మోగుతుంది. కోడలు కళ్ళజోళ్ళ షాపులో కంటి పరీక్షలు చేస్తుంది, సెలవు అయిపోవస్తోంది. బుడ్డోడు పుట్టిన దగ్గర్నుంచీ ఇద్దరికీ కంటి మీద కునుకు లేదు. పిల్లాడి ఏడుపుకి పక్కింటివాళ్ళు గోడ బాదేవారు. గోడ బాదుడికి మొగుడూ పెళ్ళాలు పోట్లాడుకునేవారు. ఒకరోజు వంటింట్లో గిన్నెలు సర్దుతున్న పెద్దావిడ చెవిన కోడలి మాట పడింది. "ఒక్క వారం ఎక్కడికైనా పోయి కడుపునిండా నిద్రపోదాం. నిద్రపోయి లేచాక కూడా నీ మొహం చూస్తే నాకు ఇలాగే ఉంటే, ఇక ఎవరి దారి వాళ్ళు చూసుకుందాం."

పెద్దావిడ చేతిలో గిన్నె చేతిలోనే ఉండిపోయింది. పిల్లాణ్ణి చూసుకోవడానికి తనూ వస్తానంది. కోడలు ఒప్పుకుంది, కానీ ఒక మాట తీసుకుంది.

"అత్తయ్యా, మీ అనుభవం మీద నాకు గౌరవమే. కానీ నాకు చెప్పకుండా వాడి నోట్లో ఏదీ పెట్టకండి."

"అయ్యో, అలాగేనమ్మా," అంది పెద్దావిడ.

లాంచీలో బుడ్డోడు ఎక్కింది మొదలు దిగేదాకా గుక్కపట్టి ఏడ్చాడు. జనం ఒక్కొక్కరే లేచి అవతలి వైపుకి పోయి కూర్చున్నారు. కోడలు ఒక కిటికీ వైపు, కొడుకు ఒక కిటికీ వైపు మొహాలు తిప్పుకున్నారు. ఆ సాయంత్రం రేకుల కప్పున్న అద్దె ఇంట్లో, కోడలు సామాన్లు సర్దుతుండగా, పెద్దావిడ తన సంచి అడుగు నుంచి ఆ జలుబు మందు సీసా తీసింది. మాట తప్పుతున్నానని ఆవిడకి తెలుసు. కొడుకు కాపురం నిలబెడుతున్నానని ఇంకా గట్టిగా తెలుసు. ఈ రెండో ఎరుకే ఆవిడ చెయ్యి వణక్కుండా చేసింది.

మర్నాడు కొడుకూ కోడలూ పొద్దెక్కేదాకా నిద్రపోయారు. లేచి, మొహాలు ఉబ్బి, ఒకరి జుట్టు చూసి ఒకరు నవ్వుకున్నారు. తువ్వాళ్ళు భుజాన వేసుకుని సముద్రంలోకి పోయారు. నీళ్ళలోంచి కోడలి నవ్వు ఇంటిదాకా వినపడుతుంటే పెద్దావిడకి కళ్ళు చెమర్చాయి. ఆ రోజూ ఇచ్చింది. ఆ మర్నాడూ ఇచ్చింది.

ఆ ఇల్లు చూడ్డానికి ముచ్చటగానే ఉంటుంది గాని, ఉండేవాళ్ళకి తెలుస్తుంది దాని సంగతి. పక్కలు ఎప్పుడూ చెమ్మగా ఉంటాయి. ఉప్పు గాలికి గడియలు తుప్పుపట్టి కిర్రుమంటాయి. ఎంత ఊడ్చినా ఇసక కాళ్ళకింద కరకరలాడుతుంది. ఇంత చికాకులోనూ బుడ్డోడు దోమతెర కింద చప్పుడు చేయకుండా పడుకున్నాడు. మెలకువ వచ్చినప్పుడు తిరిగే ఫ్యాన్ వంక చూసేవాడు. ముందైతే దాన్ని అందుకోవాలని కాళ్ళూ చేతులూ ఆడించి నానా హంగామా చేసేవాడు. ఇప్పుడు ఊరికే చూస్తున్నాడు. పాలసీసా నోట్లో పెడితే నాలుగు గుటకలు వేసి మధ్యలోనే కళ్ళు మూస్తున్నాడు.

పెద్దావిడ చేతుల మీదుగా ఎంతమంది పిల్లలు పెరిగారో లెక్కలేదు. నిద్రపోతున్న పసివాడి అరచేతిలో వేలు పెడితే గుప్పిట దానంతటదే మూసుకోవాలి. ఆవిడ వేలు పెట్టింది. బుడ్డోడి వేళ్ళు కొంచెం కదిలి, మళ్ళీ విచ్చుకుపోయాయి. ఆవిడ మందు సీసా పట్టుకుపోయి స్నానాల గదిలో వంపేసి, కుళాయి తిప్పి, వాసన పోయేదాకా నీళ్ళు వదిలింది. ఇక రేపటికి వీడు మామూలుగా అయిపోతాడు, పొద్దున్నే లేచి ఇల్లు పీకి పందిరి వేస్తాడు, అనుకుంది. అలా వేస్తే బాగుండునని ఆశపడింది.

పొద్దున్న బుడ్డోడు ఇంకా ఎక్కువ నిద్రపోయాడు.

ఆవిడకి మొదట అర్థం కాలేదు. వంగి వాడి నుదురు ముద్దుపెట్టుకోబోయి ఆగిపోయింది. వాడి నోట్లోంచి నారింజ వాసన వచ్చింది. తీయటి, సీసాలో అమ్మే నారింజ. ఆవిడ వంపేసిన మందుది సోంపు వాసన. అంటే ఇంట్లో ఇంకెవరో ఏదో పోస్తున్నారు.

ఎవరని అడగాలి? అడిగితే ఆ వాసన నీకెలా తెలిసిందంటారు, ఏ మందుతో పోల్చి చూశావంటారు. డొంకతిరుగుడుగా మొదలుపెట్టింది.

"అమ్మాయ్, పిల్లాడు మరీ మెతకబడ్డాడే."

"సముద్రం గాలి కదా అత్తయ్యా. మొన్న మీరే అన్నారుగా," అంది కోడలు, తల తుడుచుకుంటూ. చాలా రోజుల తర్వాత ఆమె మొహంలో కళ కనిపిస్తోంది.

అన్నది తనే. ఇప్పుడేమని కాదంటుంది? కొడుకు వైపు తిరిగింది. "ఒరే, ఒకసారి అవతలి ఒడ్డుకెళ్ళి డాక్టరుకి చూపిద్దామా?"

"నిద్రపోతే డాక్టరు, ఏడిస్తే డాక్టరు. నీ దిష్టే తగిలేట్టుందమ్మా వాడికి," అన్నాడు కొడుకు నవ్వుతూ. నవ్వాడు గాని, పిల్లాడి వైపు చూడలేదు. ఆ సంగతి పెద్దావిడ గమనించింది.

ఆ ఇంట్లో ఒక పద్ధతి ఉంది. ఎవరేం చేసినా నోరు తెరిచి చెప్పుకోరు. చేసింది చెప్పుకోవడమంటే దెప్పడమేనని పెద్దావిడ కొడుక్కి ఉగ్గుపాలతో నేర్పింది. అతను చదువుకునే రోజుల్లో ఆవిడ తన చెవికమ్మలు అమ్మిన సంగతి అతనికి బోసి చెవులు చూస్తేనే తెలిసింది. అతను తల్లి మోకాళ్ళ మందులు కొని చెప్పకుండా గూట్లో పెట్టిపోతాడు. ఈ ఇంటికొచ్చాక కోడలికీ అదే అబ్బింది. బయటివాళ్ళకి ఇదంతా ఎంతో ముచ్చటగా ఉండేది. ఇన్నేళ్ళలో మొదటిసారి ఆవిడకి ఆ పద్ధతి చూసి భయమేసింది.

ఆ మర్నాడు మధ్యాహ్నానికి ఆకాశం మసిబారింది. గాలి ఉన్నట్టుండి ఆగిపోయింది. జెట్టీ దగ్గర్నుంచి లాంచీ నడిపే సరంగు నడుచుకుంటూ వచ్చి, గేటు బయటే నిలబడి చెప్పాడు. "ఇంకాసేపట్లో ఒక ట్రిప్పు కొడతానండి. ఆ తర్వాత తుఫాను తగ్గేదాకా లాంచీ తిరగదు. వెళ్ళాలనుకునేవాళ్ళు ఇప్పుడే వెళ్ళాలి."

"మేం ఉంటాంలెండి. మాకేం తొందర లేదు," అన్నాడు కొడుకు. కోడలు అతని చెయ్యి పట్టుకుంది. వాన పడితే ఇంకో రెండు రోజులు ఇంట్లోనే ఉండొచ్చని ఇద్దరికీ లోలోపల సంతోషంగానే ఉన్నట్టుంది.

పెద్దావిడ లోపలికి వెళ్ళి దోమతెర ఎత్తింది. బుడ్డోడి పెదవులు పాలిపోయి ఉన్నాయి. ఊపిరి పీల్చాడు, వదిలాడు. మళ్ళీ పీల్చడానికి ఆలస్యం చేశాడు. వాణ్ణి ఎత్తి భుజాన వేసుకుంటే మెడ పక్కకి వాలిపోయింది.

చెప్పేస్తే ఏమవుతుందో ఆవిడకి బాగా తెలుసు. ఈ పిల్లాణ్ణి ఇంకెప్పుడూ తన చేతికివ్వరు. వచ్చినప్పుడు కుర్చీ వేస్తారు, కాఫీ ఇస్తారు, పిల్లాణ్ణి దూరం నుంచి చూపిస్తారు. వాడి తర్వాత ఆవిడకి ఇంకెవరున్నారు? అదంతా ఒక పక్కన ఉంది. భుజం మీద ఈ బరువు ఒక పక్కన ఉంది. ఆవిడ వసారాలోకి వచ్చింది.

"వీడికి నేను మందు పోశాను," అంది. "నిద్రమత్తు వచ్చే జలుబు మందు. వచ్చిన రోజు నుంచి మూడు రోజులు పోశాను."

కోడలు చప్పున లేచి నిలబడింది. "నేను మిమ్మల్ని అడిగింది ఒక్కటి. ఒక్కటంటే ఒక్కటి అడిగాను అత్తయ్యా."

"తిట్టమ్మా. లాంచీ ఎక్కాక తిట్టు, పడతాను. మొన్నటితో నేను మానేశాను. మానేసినా వీడు లేవట్లేదు. వీడి నోట్లో నారింజ వాసన వస్తోంది, అది నా మందు కాదు. ఎవరిచ్చారో చెప్పండి."

జెట్టీ మీద ఇంజను స్టార్టయిన చప్పుడు వినపడింది.

"నేనే," అన్నాడు కొడుకు. "ప్రయాణంలో వాంతులకని కొన్నాను. పోస్తే లాంచీలో పడుకుంటాడని షాపువాడు చెప్పాడు. లాంచీలో పోయడం కుదరలేదు. ఇక్కడికొచ్చాక, మీరిద్దరూ లేనప్పుడు పోస్తూ వచ్చాను. తను నవ్వుతోందమ్మా. ఎన్నాళ్ళైందో నీకు తెలుసుగా."

"నాతో ఒక్క ముక్క చెప్పొచ్చుగదరా."

"చేసింది చెప్పుకోకూడదని నువ్వేగా నేర్పావు."

పెద్దావిడకి ఆ మాట ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. మొగుడి మీద విరుచుకుపడుతుందనుకున్న కోడలు మాత్రం మెట్టు మీద కూలబడి, రెండు చేతులతో తల పట్టుకుంది.

"నా ఎలర్జీ మాత్ర," అంది నేలవైపు చూస్తూ. "రోజూ పడుకునే ముందు పాలల్లో చిన్న ముక్క నూరి కలిపాను. ఒక్క ముక్కే కదా అనుకున్నాను. వాడు నిద్రపోతే నేను కూడా మనిషినవుతాననుకున్నాను."

ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. తిట్టే హక్కు ఎవరికీ మిగల్లేదు.

సామాన్లు ఎక్కడివక్కడే వదిలేశారు. తలుపైనా వేశారో లేదో ఎవరికీ గుర్తులేదు. కొడుకు ఇసకలో పడుతూ లేస్తూ ముందు పరుగెత్తి, కట్టు తాడు విప్పుతున్న సరంగు చెయ్యి పట్టుకుని ఆపాడు. లాంచీ కదిలాక అలలు ఎగదోస్తుంటే కోడలు బుడ్డోణ్ణి ఒళ్ళో పెట్టుకుని పేరుపెట్టి పిలుస్తూనే ఉంది. పెద్దావిడ కింద కూర్చుని వాడి అరికాళ్ళు రుద్దింది. బిడ్డ తడవకుండా కొడుకు చొక్కా విప్పి అడ్డం పట్టుకున్నాడు. ఇదే లాంచీలో వాడి ఏడుపు వినలేక మొహాలు తిప్పుకున్న మనుషులు వీళ్ళే. ఏడవరా నాన్నా, ఒక్కసారి ఏడవరా, అని పెద్దావిడ బతిమాలింది. ఆవిడ పిల్లాణ్ణి ఏడవమని అడగడం బతుకులో ఇదే మొదలు.

అవతలి ఒడ్డున ఆసుపత్రిలో డాక్టరమ్మ పిల్లాణ్ణి బల్ల మీద పడుకోబెట్టి, చూస్తూనే అడిగింది. "వీడికి ఏదైనా మందు ఇచ్చారా? ఎవరిచ్చారు?"

"నేను," అంది పెద్దావిడ. "నేను," అన్నాడు కొడుకు. "నేను," అంది కోడలు.

డాక్టరమ్మ తలెత్తి ముగ్గుర్నీ ఒకసారి చూసింది. ఏమిచ్చారో ఒక్కొక్కరినీ విడిగా అడిగి చెప్పించుకుంది. ఆ తర్వాత వాళ్ళని బయట కూర్చోమంది.

బయట బెంచీ పొడుగ్గా ఉంది. ముగ్గురూ మధ్యలో ఖాళీలు వదిలి కూర్చున్నారు. వాన మొదలైంది. లోపల యంత్రమేదో మోగడం, ఆగడం, మళ్ళీ మోగడం వినిపిస్తోంది. తలుపు తెరుచుకున్నప్పుడల్లా పెద్దావిడ లేచి నిలబడింది. మొక్కుకోవాలని ఉంది, ఏ మొహం పెట్టుకుని మొక్కాలో తెలియలేదు. దీపాలు వేసే వేళకి తలుపు అవతల ఒక చిన్న మూలుగు వినిపించింది. అది కాసేపు తెగుతూ తెగుతూ వచ్చి, ఉన్నట్టుండి పెద్దదయింది. బుడ్డోడు గుక్కపట్టి ఏడుస్తున్నాడు.

కోడలు వెక్కి వెక్కి ఏడ్చింది. కొడుకు గోడకి తల ఆనించుకున్నాడు.

నర్సు తలుపు సగం తెరిచి, "గండం గడిచింది," అంది. "మనుషుల్ని చూస్తున్నాడు. ఒకరు లోపలికి రండి, ఎత్తుకుని ఊరుకోబెట్టాలి."

ఎవరూ కదల్లేదు.

"నువ్వెళ్ళమ్మా. తల్లివి," అంది పెద్దావిడ.

"నాకు భయంగా ఉంది అత్తయ్యా," అంది కోడలు. ఆమె మొగుడి వైపు చూసింది. అతను తన అరచేతులు చూసుకుంటున్నాడు.

నర్సుకి ఏమీ అర్థం కాలేదు. తలుపు పట్టుకుని అలాగే నిలబడి, ఒక్కొక్కరి మొహం చూసింది. లోపల బుడ్డోడు ఏడుస్తూనే ఉన్నాడు.