తప్పుల పాఠం

మా ఫ్యాక్టరీ గేటు పక్కన ఇనప బోర్డు ఒకటి ఉంది. 'నాలుగు వందల మందికి ఉపాధి' అని దాని మీద ఎంత దూరం నుంచైనా కనబడేలా రాశారు. లోపల షెడ్డులో స్టూళ్ళు మాత్రం నూట ముప్పై. మిగిలినవాళ్ళు ఎక్కడ కూర్చుంటారని చేరిన కొత్తలోనే మేనేజరుని అడిగాను. నాకు నోరు ఆగదు, అడగకూడనివే ముందు అడుగుతాను. "వస్తారు లెండి, వాళ్ళూ వస్తారు" అన్నాడు. ఆ వచ్చినవాళ్ళు కూడా మేమే.

ఆ కిటుకేమిటో చెబుతాను. ఊరి ఆటస్థలాన్ని కంపెనీకి దాదాపు ఊరికే ఇచ్చారు. కరెంటు సగం ధరకి, పన్ను లేదు. బదులుగా నాలుగు వందల ఉద్యోగాలిస్తామని కంపెనీ మాటిచ్చింది. అంతేకాదు, కొత్తగా చేరిన ప్రతి మనిషికీ మొదటి ఏడాది సగం జీతం ప్రభుత్వమే కడుతుంది, పని నేర్చుకునే కాలం కదా అని. ఏడాది నిండితే జీతం మొత్తం కంపెనీయే ఇచ్చుకోవాలి. అందుకని పదకొండో నెల చివర అందర్నీ ఇంటికి పంపేస్తారు. పది రోజులాగి మళ్ళీ పిలుస్తారు. కొత్త కార్డు, కొత్త నంబరు, అదే స్టూలు. ఒకే మనిషి మూడుసార్లు చేరితే లెక్కలో ముగ్గురు. బయట ఇంకో పని చూసుకుందామంటే ఈ ఊళ్ళో ఇంకో ఫ్యాక్టరీ లేదు. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు అన్నట్టుండేది షెడ్డులో పనిచేసే ఆడవాళ్ళ పరిస్థితి.

నా సంగతి వేరు. నేను పని నేర్పే మనిషిని, పర్మనెంటు. షెడ్డులో అందరూ పంతులమ్మ అంటారు. మేం చేసేది కార్లలోకి వెళ్ళే వైర్ల కట్టలు. తలుపంత చెక్క, దాని మీద మేకులు, మేకుల మధ్య వైర్లకి గీసిన దారులు. పనంతా నిలబడే, స్టూలు భోజనాల వేళకే. రంగు చూసుకుని ఒక్కో వైరూ దాని దారిలో పరచాలి, కొసలకి ప్లగ్గులు తొడగాలి, నల్ల టేపు చుట్టాలి, ఆఖర్న పరీక్ష పెట్టెకి తగిలించాలి. అన్నీ సరిగ్గా ఉంటే పచ్చ దీపం, ఒక్కటి తప్పినా ఎర్ర దీపం. మొదటిసారి చేరినప్పుడు ఆ ఆడవాళ్ళకి నెల్లాళ్ళు నేర్పాను. రెండోసారి చేరినప్పుడు వాళ్ళూ నేనూ నవ్వుకున్నాం. మూడోసారి నాకు ఒళ్ళు మండి, మేనేజరు పలకరిస్తే పలకడం మానేశాను.

ఆ మూడోసారి చేరినవాళ్ళలో మా తోడికోడలు ఉంది. ఉడుత అని మా అత్తగారు పెట్టిన పేరు. ఇంట్లో రెండు కాపురాలకీ ఒకటే పొయ్యి. నేను కూర తరుగుతుంటే తను వచ్చి చూసి, ఓపిక పట్టలేక నా చేతిలో కత్తి లాక్కుంటుంది. షెడ్డులోనూ అంతే. తన కట్ట ముగించి పక్కదాని కట్ట మీద చెయ్యి వేస్తుంది. నాలుగు నెలలు వచ్చాక గానీ తనకి కడుపని మాకు చెప్పలేదు. పోయినసారి ఆరో నెలలో పోయిందని భయం. ఆరో నెల వస్తే మంచం దిగొద్దని ఈసారి డాక్టరమ్మ గట్టిగా చెప్పింది.

పని మానేస్తే ఇల్లు గడవదు. మరిది తెచ్చేది అంతంతమాత్రం. ప్రసవానికి జీతంతో సెలవు ఇవ్వాలని చట్టం ఉంది, కానీ ఏడాది సర్వీసు నిండినవాళ్ళకే. రెండేళ్ళుగా అదే చెక్క ముందు నిలబడ్డ మా ఉడుత సర్వీసు అప్పటికి మూడు వారాలు. సెలవు లేకుండా మానేస్తే ఆ స్టూలు మర్నాడే ఇంకొకరిది. పోయినసారీ అందుకే కడుపు పోయిన రోజు దాకా నిలబడింది.

అప్పుడే, కొత్త ఉద్యోగాల లెక్క చూడటానికి ప్రభుత్వం తరఫున తనిఖీ ఆఫీసరు వస్తున్నాడన్నారు. మేనేజరు నన్ను తన గదికి పిలిచి తలుపు వేశాడు.

"చూడండి, వీళ్ళు చేరి మూడు వారాలే. మూడు వారాలవాళ్ళలా కనబడాలి. కాస్త మీరు నేర్పాలి."

"ఏం నేర్పమంటారు?"

"తప్పులు చెయ్యడం."

నేను నవ్వాను. అతను నవ్వలేదు.

మర్నాడు మధ్యాహ్నం భోజనాలయ్యాక తప్పుల పాఠం మొదలుపెట్టాను. పసుపు వైరు తీసుకోండి, తెలుపు దారి దగ్గర ఆగండి, అయోమయంగా నా మొహం చూడండి అన్నాను. ఒక్కరికీ చేతకాలేదు. ఒకావిడ టేపు వంకరగా చుట్టి, నేను అటు తిరగ్గానే గబుక్కున విప్పి సరిగ్గా చుట్టేసింది. "చెయ్యి ఒప్పుకోవట్లేదు పంతులమ్మా, సిగ్గుగా ఉంది" అంది. ఇంకొకావిడ ప్లగ్గు తిరగేసి తొడిగి, "ఈత వచ్చినవాణ్ణి మునగమంటే ఎలా మునుగుతాడమ్మా?" అని షెడ్డంతా వినబడేలా నవ్వింది. ఉడుత మాత్రం నవ్వలేదు. చేతులు కట్టుకుని నా వైపే చూస్తూ నిలబడింది.

ఆ సాయంత్రం వంటింట్లో నా చేతిలోంచి కత్తి లాక్కుని ఉల్లిపాయలు తరుగుతూ అంది:

"అక్కా, నేను చెయ్యను."

"ఏం చెయ్యవు?"

"తప్పు. ఆ ఆఫీసరు ముందు నాకొచ్చిన పనంతా చూపిస్తా. చూస్తే తెలీదా, ఇది మూడు వారాల చెయ్యి కాదని? పాతదాన్నని తేలితే సెలవు ఇచ్చి తీరాలి."

"తేలితే ఇద్దరం రోడ్డున పడతాం."

"నువ్వు పర్మనెంటువి. నీకేం?"

ఆ మాట నాకు గుచ్చుకుంది. అందులో అబద్ధమూ లేదు.

ఆఫీసరు పొద్దున్నే వచ్చాడు. సన్నటి మనిషి, చేతిలో మడత గొడుగు. మేనేజరు ముందు నడుస్తూ, "పూర్తిగా కొత్తవాళ్ళు సార్, నిన్నటిదాకా వైరు మొహం చూడనివాళ్ళు" అంటూ చెబుతున్నాడు. ఆడవాళ్ళు పాపం చెప్పినట్టే తడబడ్డారు. వాళ్ళని చూస్తుంటే నాకు తల కొట్టేసినట్టయింది. ఉడుత దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆఫీసరు కాళ్ళు ఆగిపోయాయి. వైర్లు తీస్తోంది, పరుస్తోంది, రంగులకేసి చూడను కూడా చూడట్లేదు. టేపు చుట్టి, పళ్ళతో తెంపి, పెట్టెకి తగిలించింది. పచ్చ దీపం వెలిగింది.

"మూడు వారాల్లోనే ఇంత పనా!" అని ఆఫీసరు నా వైపు తిరిగాడు. "ఎలా నేర్పారమ్మా?"

మేనేజరు నా వైపు ఒక చూపు చూశాడు. ఉడుత కూడా చూసింది. నా నోరు ఎప్పటిలాగే నన్నడగకుండా పనిలోకి దిగింది.

"మూడు వారాలు కాదండీ. రెండేళ్ళు. ఈవిడే కాదు, వీళ్ళంతా రెండేళ్ళవాళ్ళే. ఏటా కొత్తగా చేర్చుకుంటారు."

షెడ్డంతా చేతులు ఆగిపోయాయి. ఆఫీసరు ఆశ్చర్యపోలేదు. అదే నాకు ఆశ్చర్యం. నన్ను కుళాయి దగ్గరికి రమ్మని, మేనేజరు వినేంత గొంతుతోనే చెప్పాడు.

"క్రితం రెండుసార్లూ నేనే వచ్చానమ్మా. ఈ మొహాలు నేను చూసినవే."

"చూసి మరి?"

"నాలుగు వందల ఉద్యోగాలు రాలేదని నేను రాస్తే, ఆటస్థలం ఎందుకిచ్చారని మా పైవాళ్ళని నిలదీస్తారు. వాళ్ళు కంపెనీని పట్టుకుంటారు. కంపెనీ ఇంకో ఊరు చూసుకుంటుంది, రమ్మనే ఊళ్ళకేం కొదవ? అప్పుడు ఈ నూట ముప్పైమందికీ పని ఉండదు. రాయమంటారా?"

కంచే చేను మేస్తే అని ఊరికే అన్నారా అనుకున్నాను. కానీ రాయమని కూడా నా నోట రాలేదు. వెనక నూట ముప్పైమంది నిలబడి ఉన్నారు.

"మరి ఆ పిల్ల సెలవు?" అన్నాను. విషయమంతా రెండు ముక్కల్లో చెప్పాను, పోయినసారి సంగతి కూడా.

ఆఫీసరు చాలాసేపు గొడుగు మడతలు సర్దుకున్నాడు. వెళ్ళేముందు మేనేజరుతో, "ఇంత పనితనం ఉన్న మనిషిని నేర్పే పనిలో పెట్టుకోవచ్చుగా" అన్నాడు. అంతే. గొడుగు తీసుకుని వెళ్ళిపోయాడు.

సాయంత్రం మేనేజరు పిలిచాడు. అరుస్తాడనుకున్నాను. చాలా నెమ్మదిగా మాట్లాడాడు.

"సార్ మాట కాదనలేను. నేర్పే మనిషి చోటు మాత్రం ఒకటే ఉంది. ఆవిణ్ణి అందులో వేస్తే పర్మనెంటు అవుతుంది. పర్మనెంటుకి ఏడాది లెక్క లేదు, సెలవొస్తుంది."

"మరి నేను?"

"రాజీనామా ఇచ్చి కొత్తగా చేరండి. మీరూ లెక్కలోకి వస్తారు, ఓ తల కలిసొస్తుంది. వద్దంటే ఎవరి చోట్లో వాళ్ళుండండి. సార్‌కి నేనేదో చెప్పుకుంటా."

నాకు కోపం తలకెక్కింది. నన్ను నా చేత్తోనే తీయించి, దాని మీద కూడా ప్రభుత్వం సొమ్ము తీసుకుంటాడట. ఆ బల్ల మీదున్న గాజు గ్లాసు విసిరికొట్టాలనిపించింది. ఇంతలో ఉడుత పోయినసారి ఆస్పత్రి నుంచి తిరిగొచ్చిన రోజు గుర్తొచ్చింది. ఇంటికొచ్చి, ఒక్క మాట మాట్లాడకుండా, నా చేతిలో కత్తి లాక్కోకుండా గోడవైపు తిరిగి పడుకుంది. అన్ని రోజుల్లోనూ నాకు భయం వేసింది ఆ రోజే.

"ముందు దాన్ని పర్మనెంటు చేసిన కాగితం దాని చేతికివ్వండి. అప్పుడు నేను సంతకం పెడతా" అన్నాను.

ఇంట్లో మా ఆయన తల పట్టుకున్నాడు. "నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు. నీ నోటికి ఉన్న ఉద్యోగం కాస్తా పోయింది" అన్నాడు. మా అత్తగారు ఆయన కంచంలో ఇంకాస్త అన్నం పెట్టి నోరు మూయించింది. ఉడుత ఏడ్చింది. ఏడుస్తూనే నాతో పోట్లాడింది.

"నేనడిగానా అక్కా, నీ చోటు ఇమ్మని?"

"అడగలేదు. గుడ్డిలో మెల్ల, మన ఇంట్లోనే ఉంది కదా చోటు. ఉల్లిపాయలు తరుగు."

ముక్కు తుడుచుకుని కత్తి తీసుకుంది.

అలా నేను ఆడవాళ్ళ వరసలోకి వచ్చాను. ఇన్నాళ్ళూ వాళ్ళ వెనక నిలబడి చెప్పడమే గానీ రోజంతా చెక్క ముందు నిలబడ్డది లేదు. మొదటివారం కాళ్ళు నావి కానట్టు అయిపోయాయి. జీతం తగ్గింది. పదకొండో నెల వస్తే నేనూ పది రోజులు ఇంటికి పోవాల్సిందే. అది తలచుకున్నప్పుడల్లా కడుపు మండేది, ఇప్పటికీ మండుతుంది. ఉడుత నా వెనక నుంచి, "అక్కా, టేపు ఇంకాస్త బిగించు" అంటే ఆడవాళ్ళంతా కిసుక్కున నవ్వేవాళ్ళు. నేనూ నవ్వేదాన్ని.

ఉడుతకి ఆరో నెల రావడానికి వారం ఉందనగా ఇంకో కబురు వచ్చింది. కంపెనీ రెండో షెడ్డుకి స్థలం అడిగిందట, ఇంకో నాలుగు వందల ఉద్యోగాలిస్తానని. ఆఫీసరు మళ్ళీ వస్తున్నాడు. మేనేజరు ఈసారి నన్ను ఒక్కదాన్నే పిలిచాడు.

"వచ్చే సోమవారం నుంచి ఆవిడ సెలవు. సెలవు కాగితం నా బల్ల మీదే ఉంది, ఇంకా సంతకం పెట్టలేదు. ఈసారి మీ నోరు జారితే ఆవిడ కూడా కొత్తవాళ్ళలోకే వస్తుంది."

ఈ సంగతి ఉడుతకి చెప్పలేదు. చెబితే తను ఊరుకునే రకం కాదు.

తప్పుల పాఠం ఈసారి తను చెప్పాలి. రెండు చేతులూ పొట్ట మీద పెట్టుకుని, "పసుపు వైరు తీసుకుని..." అని మొదలుపెట్టి ఆగిపోయింది. "నా వల్ల కాదక్కా, నువ్వే చెప్పవా" అంది. నేనే చెప్పాను.

ఆఫీసరు అదే గొడుగుతో వచ్చాడు. చెక్కలు చూసుకుంటూ నా దగ్గరికి వచ్చి ఆగాడు. గుర్తుపట్టాడు. నా మొహం, నా ఒంటి మీద కొత్తవాళ్ళ నీలం చొక్కా, నా వెనకున్న ఉడుత పొట్ట, అన్నీ వరసగా చూశాడు. మేనేజరు అతని భుజం పక్కనే ఉన్నాడు.

"మీరు..." అన్నాడు ఆఫీసరు.

"కొత్తగా చేరానండీ."

"ఎన్నాళ్ళయింది?"

"మూడు వారాలు."

జీవితంలో నా నోరు నేను చెప్పినట్టు విన్నది అప్పుడే. పసుపు వైరు తీసుకున్నాను. తెలుపు దారి దగ్గర కాసేపు ఆగి, అందులోనే పరిచాను. మీద టేపు శ్రద్ధగా చుట్టి పెట్టెకి తగిలించాను. ఎర్ర దీపం వెలిగింది.

"ఫరవాలేదు. నేర్చుకుంటారు" అన్నాడు ఆఫీసరు, నా మొహంలోకి చూడకుండా.

వెనక నుంచి ఉడుత చెయ్యి ముందుకొచ్చింది, పసుపు వైరుని లాగి దాని దారిలో పెట్టడానికి. చేత్తోపాటే నోరూ తెరిచింది. "సార్, ఈవిడ..."

నేను ఆ మణికట్టు పట్టుకున్నాను. ఆఫీసరు పక్క చెక్క దగ్గరికి వెళ్ళేదాకా వదల్లేదు.