కుర్చీ మోసిన తోటికోడళ్లు

ఆ ఇంట్లో తోటికోడళ్లిద్దరూ మూడేళ్లుగా మాట్లాడుకోవడం లేదు. అలాగని తిట్టుకున్నదీ లేదు, వేరు పడిందీ లేదు. ఒకే మెట్లు ఎక్కి దిగేవారు. ఒకే మోటారు నీళ్లు వాడుకునేవారు. డాబా మీద ఒకరి బట్టలు వానకి తడుస్తుంటే ఇంకొకరు తీసి, మడతపెట్టి, గుమ్మం ముందు పెట్టి వెళ్లేవారు. మాట మాత్రం లేదు. ఏం చెప్పాలన్నా అత్తగారి ద్వారానే.

"అత్తయ్యా, ట్యాంకు నిండింది, మోటారు కట్టెయ్యమని చెప్పండి," అనేది చిన్నకోడలు, పెద్దకోడలు రెండడుగుల దూరంలో నిలబడి ఉండగానే.

"కట్టేశానని చెప్పండత్తయ్యా," అనేది పెద్దకోడలు.

"విన్నారుగా ఇద్దరూ! మధ్యలో నా నోరెందుకే నొప్పి పుట్టించడం?" అనేది అత్తగారు.

ఇంతకీ గొడవ ఒక డ్రెస్సు దగ్గర మొదలైంది. పెద్దకోడలు ఇంట్లోనే మిషను కుట్టేది. చిన్నకోడలికి పిల్లల బడిలో ఉద్యోగం వచ్చినప్పుడు, మొదటిరోజు వేసుకెళ్లమని రెండురోజులు కూర్చుని ఆమెకి డ్రెస్సు కుట్టి ఇచ్చింది. అది చంక దగ్గర పట్టేసింది. మధ్యాహ్నం బడినుంచి వస్తూనే ఆ చికాకులో, "దీనికన్నా షాపులో కొనుక్కున్నా పోయేది," అనేసింది చిన్నకోడలు. అప్పుడు గదిలో గుడ్డలివ్వడానికొచ్చిన ఇద్దరు ఆడవాళ్లున్నారు. వాళ్లలో ఒకావిడ తెచ్చిన గుడ్డ మళ్లీ సంచిలో పెట్టుకుని, "తర్వాత వస్తాలే," అని వెళ్లిపోయింది. మళ్లీ రాలేదు. ఆ రోజునుంచి పెద్దకోడలి నోటికి తాళం పడింది. చిన్నకోడలు నాలుగు రోజులు ఎదురుచూసి, ఆవిడకే అంతుంటే నాకెంత ఉండాలి అని తనూ తాళం వేసుకుంది.

ఇక మొగుళ్లు. పెద్దవాడు బస్సు డ్రైవరు, చిన్నవాడు ప్రింటింగ్ ప్రెస్సులో మిషన్ మీద పని. అన్నదమ్ములకి ఏ తగాదా లేదు. కాకపోతే ఇంటి విషయం ఎత్తితే ఎక్కడ అంటుకుంటుందోనని ఇద్దరూ ఆటల గురించీ వానల గురించీ తప్ప మాట్లాడుకోవడం మానేశారు.

కింద అంతా ఒక బేకరీవాడికి అద్దెకిచ్చారు. మొదటి అంతస్తులో పెద్దవాళ్లు, వాళ్లకి పదకొండేళ్ల కూతురు. రెండో అంతస్తులో చిన్నవాళ్లు, వాళ్లకి నాలుగేళ్ల బుజ్జిది. అత్తగారికి మోకాళ్లు పనిచెయ్యవు కాబట్టి పెద్దకొడుకు దగ్గరే, మెట్ల పక్క గదిలో ఉండేది. ఎవరైనా పట్టుకుంటే తప్ప మెట్లు దిగలేదు. ఆవిడ వీధి మొహం చూసి ఏడాది దాటింది.

అలాంటావిడ ఒకరోజు మనవరాలు తెచ్చిన కాగితం చదివి గట్టిగా పట్టుబట్టింది. వీధి చివర సామాజిక భవనంలో ఎనిమిది ఆదివారాలు కుటుంబాలకి క్లాసులట. ఇంటి ఖర్చు ఎలా చూసుకోవాలి, కాగితాలు ఎలా దాచుకోవాలి, ఆపద వస్తే ఎవరేం చెయ్యాలి, ఇంట్లో మనస్పర్థలొస్తే ఎలా సర్దుకోవాలి. అంతా ఉచితం. పైగా వచ్చిన ప్రతి కుటుంబానికీ ఒక టార్చిలైటు, ఒక మందుల పెట్టె.

ఆవిడ ఏడుగురి పేర్లూ ఒకే ఫారం మీద రాయించింది.

"రెండు కుటుంబాలుగా రాయిస్తే రెండు టార్చిలైట్లొచ్చేవి కదమ్మా," అన్నాడు పెద్దకొడుకు.

"నేను కన్నది ఒక్క కుటుంబాన్నేరా. ఒక్కటి చాలు," అంది.

కొడుకులిద్దరూ ఆవిణ్ణి చెరోవైపు పట్టుకుని దింపి, ఆటోలో కూర్చోబెట్టి తీసుకెళ్లారు. మొదటి ఆదివారమే టార్చిలైటు చేతికొచ్చింది. ఆవిడ దాన్ని పట్టపగలు వెలిగించి అందరి మొహాల మీదా వేసి చూసింది. కోడళ్లిద్దరూ ఆ చివరొకరు, ఈ చివరొకరు కూర్చున్నారు.

నాలుగో ఆదివారం క్లాసు చెప్పింది బ్యాంకులో పనిచేసి రిటైరైన ఒక పెద్దావిడ. ఇంట్లో ఉన్న ముఖ్యమైన కాగితాలన్నీ తెచ్చి, చాప మీద పరిచి, ఒకే ఫైల్లో పెట్టుకోవాలంది. అందరూ పరిచారు. ఆవిడ ఒక్కో కుటుంబం దగ్గరా ఆగి చూస్తూ వచ్చి, వీళ్ల దగ్గర వంగి అడిగింది.

"మీ అమ్మగారి ఆరోగ్య బీమా కాగితం ఏదండీ? పోయినేటిది ఉంది, ఈ ఏటిది లేదే?"

పెద్దవాడు తమ్ముడి వంక చూశాడు. తమ్ముడు అన్న వంక చూశాడు.

"ఈసారి నువ్వు కడుతున్నావనుకున్నాను," అన్నాడు పెద్దవాడు.

"నీ దగ్గరేగా అమ్మ ఉంటుంది, నువ్వు కట్టేసి ఉంటావనుకున్నా అన్నయ్యా."

గడువు దాటి ఇరవై రోజులైంది. ఇంకో పదిరోజులు దాటితే పాత పాలసీ పోయేది. ఈ వయసులో, ఆ మోకాళ్లతో కొత్తది ఎవరిస్తారు?

"డబ్బు లేక ఆగితే అదో కష్టం," అంది బ్యాంకావిడ, కోప్పడకుండానే. "మీది మాట లేక ఆగింది."

కొడుకులిద్దరూ తలలు దించుకున్నారు. కోడళ్ల మొహాలు కూడా మాడిపోయాయి. అత్తగారు మాత్రం, "అంటే ఇరవై రోజులుగా జబ్బు పడే హక్కు లేకుండా బతికానన్నమాట!" అని పకపకా నవ్వింది. మర్నాడు పొద్దున్నే అన్నదమ్ములిద్దరూ కలిసి వెళ్లి కట్టేసి వచ్చారు. ఎవరేం చూసుకోవాలో ఒక కాగితం మీద రాసి పెద్దవాళ్ల ఫ్రిజ్‌కి అంటించారు. చిన్నకోడలు రోజూ ఆ కాగితం చదివే వంకతో గదిలోకొచ్చి ఒక్క నిమిషం నిలబడి పోయేది. పెద్దకోడలు మిషను తొక్కుతూ చూసీచూడనట్టు ఉండేది.

ఐదో ఆదివారం క్లాసు హాల్లో కాదు, ఎవరిళ్లలో వాళ్లకి. ఆ క్లాసు చెప్పేది అగ్నిమాపక శాఖలో ముప్ఫై ఏళ్లు చేసినాయన. మెళ్లో ఎప్పుడూ ఈల వేలాడుతుండేది కాబట్టి అందరూ ఈలాయన అనేవారు. వీధిలో నిలబడి, "ఇల్లంటుకుందనుకోండి. ఈల ఊదగానే అందరూ బయటికి రావాలి," అని చెప్పి ఊదాడు.

ఇంట్లో పెద్ద అలజడి. ముందు పదకొండేళ్ల అమ్మాయి ఒక్కతే ఉత్తచేతులతో వచ్చి బుద్ధిగా నిలబడింది. తర్వాత పెద్దకోడలు, ఎవరెవరివో కుట్టాల్సిన గుడ్డల మూట నెత్తిన పెట్టుకుని. చిన్నవాడు టీవీ రిమోటు పట్టుకుని. చిన్నకోడలు ఒక చంకన బుజ్జిది, ఒక చేతిలో తడిబట్టల బకెట్టు. అందరికన్నా చివర పెద్దవాడు, యూనిఫాం చొక్కా గుండీలు పెట్టుకుంటూ.

"తొమ్మిది నిమిషాలు. అందరూ వచ్చేసినట్టేనా?" అన్నాడు ఈలాయన.

"వచ్చేశాం," అన్నారు అందరూ రొప్పుతూ.

"ఒరేయ్!" అని పైనుంచి కేక. అత్తగారు బాల్కనీ ఊచలు పట్టుకుని నిలబడి ఉంది. "రిమోటు తెచ్చుకున్నావు గానీ నన్ను మరిచిపోయావేంరా, సన్నాసీ!"

వీధి వీధంతా నవ్వింది. పెద్దకోడలు సిగ్గుతో మూట కిందపడేసింది. ఈలాయన కూడా నవ్వు ఆపుకుని అడిగాడు.

"పగటిపూట మగవాళ్లు ఇంట్లో ఉంటారా?"

"ఉండరండి."

"మరి పెద్దావిణ్ణి ఎవరు దింపుతారు?"

కోడళ్లిద్దరూ చెరో గోడ వంకా చూశారు.

"మీరిద్దరే," అన్నాడాయన. "పైకి పదండి."

చేతుల్లేని ఒక చెక్కకుర్చీ తెప్పించాడు. అత్తగారిని దాంట్లో కూర్చోబెట్టి, నడుము చుట్టూ గుడ్డ బెల్టు కట్టించాడు. పెద్దకోడలి చేతుల్లో బలముంది కాబట్టి ఆమె కుర్చీ ముందుకాళ్లు పట్టుకుని వెనక్కి నడుస్తూ దిగాలి. ఆమెకి మెట్లు కనిపించవు. వెనకనుంచి కుర్చీ వీపు పట్టుకున్న చిన్నకోడలు ఒక్కో మెట్టూ చెప్పాలి.

"ఈ పని మాట్లాడకుండా అవదమ్మా. ముందే చెబుతున్నాను," అన్నాడు. ఆయనకి వీళ్ల సంగతి తెలుసో తెలియదో!

కుర్చీ లేచింది. మొదటి మెట్టు దగ్గరికొచ్చింది. చిన్నకోడలు నోరు తెరిచి, మూసి, మళ్లీ తెరిచింది.

"అత్తయ్యా... మెట్టు వచ్చిందని చెప్పండి."

"నేను గాల్లో ఉన్నానే తల్లీ!" అని అరిచింది అత్తగారు. "నా చేత కబుర్లు పంపడానికి ఇదా సమయం? దాంతోనే చెప్పవే!"



"మెట్టు," అంది చిన్నకోడలు.

"ఊ," అంది పెద్దకోడలు.

"మెట్టు."

"ఊ."

"మలుపు."

"ఆగు... ఆ, ఇప్పుడు."

మూడేళ్ల తర్వాత ఆ ఇద్దరి మధ్యా నడిచిన మొదటి మాటలు అవి. ఆ రోజు నాలుగుసార్లు దింపారు. నాలుగోసారికి రెండు నిమిషాల పది సెకన్లు. అత్తగారికి బాగా సరదా పుట్టి ఐదోసారి కూడా దింపమంది. గ్యాస్ వాసన వస్తే ఏ స్విచ్చీ, కాలింగ్ బెల్లు కూడా ముట్టుకోవద్దనీ, బయటపడి మూలమీద ఇనప సామాన్ల కొట్టు దగ్గరికి చేరాలనీ చెప్పి ఈలాయన వెళ్లాడు. ఆ తర్వాత ఎవరి అంతస్తుకి వాళ్లు వెళ్లిపోయారు. వారంలో మరో రెండుసార్లు అభ్యాసం చేశారు. కుర్చీ ఎత్తితే మాట, దింపితే మౌనం.

ఆ తర్వాతి బుధవారం, మధ్యాహ్నం ఒంటిగంట. చిన్నకోడలు బడినుంచి వచ్చి బుజ్జిదానికి అన్నం పెడుతోంది. గ్యాస్ వాసన వచ్చింది. లేచి పొయ్యి చూసుకుంది, కట్టేసే ఉంది. తలుపు తీస్తే మెట్ల మీద వాసన గుప్పుమంది. కింద బేకరీ. బేకరీవాడు ఆ వేళకి కొట్లకి రొట్టెలు వేసిరావడానికి బండి మీద వెళ్లిపోతాడు.

పిల్లని చంకనేసుకుని గబగబా దిగింది. అలవాటుగా చెయ్యి కాలింగ్ బెల్లు మీదికి పోయింది. ఈలాయన మాట గుర్తొచ్చి, నిప్పుని తాకబోయినదానిలా చెయ్యి వెనక్కి లాక్కుంది. అరచేత్తో తలుపు దబదబా బాదింది.

"అక్కా! అక్కా! గ్యాస్ లీకవుతోంది! ఏ స్విచ్చీ ముట్టుకోకు!"

లోపల పెద్దకోడలు కుట్టిన చొక్కాలు ఇస్త్రీ చెయ్యడానికి ప్లగ్గు పెట్టి, స్విచ్ వెయ్యబోతోంది. ఆ పిలుపు విని వేలు గాల్లో ఆగిపోయింది.

"వస్తున్నా!" అంది.

ఒక్క క్షణం వృథా చెయ్యలేదు. కుర్చీ తలుపు పక్కనే ఉంది. అత్తగారిని కూర్చోబెట్టి, బెల్టు కట్టి, బుజ్జిదాన్ని ఆవిడ ఒళ్లో పెట్టారు. ఫ్యాను తిరుగుతున్నది తిరుగుతున్నట్టే వదిలేశారు.

"మెట్టు... మెట్టు... మెట్టు..."

మలుపు దగ్గర పెద్దకోడలి కాలు జారింది. కుర్చీ ముందుకి ఒరిగింది. అత్తగారు పిల్లని గట్టిగా పొదువుకుని కళ్లు మూసుకుంది.

"ఆగక్కా! నేను పట్టుకున్నాను. నెమ్మదిగా కాలు పెట్టుకో."

"బరువు ఆగుతుందా నీకు?"

"ఆగుతుంది. నేను వదల్ను. కంగారుపడకు."

పెద్దకోడలు కాలు నిలదొక్కుకుంది. మిగిలిన మెట్లు దిగి, వీధి దాటి, ముందే అనుకున్నట్టు మూలమీద ఇనప సామాన్ల కొట్టు ముందుకి వచ్చి కుర్చీ దించారు. అక్కణ్ణించి ఫోను చేశారు. చిన్నకోడలు మాట్లాడుతుంటే, పెద్దకోడలు వీధి మధ్యలో నిలబడి వచ్చేపోయేవాళ్లని ఆపింది. సిగరెట్టు వెలిగించబోతున్న ఒకాయన చేతిలోంచి అగ్గిపెట్టె లాక్కుంది కూడా. ఏనాడూ ఎవరి మీదా గొంతెత్తని మనిషి!

ఫైరింజను పది నిమిషాల్లో వచ్చింది. ఎలుక కొరికిన గొట్టంలోంచి గ్యాస్ కారుతోందట. సిలిండర్ మూసి బయటికి తెచ్చి, తలుపులన్నీ బార్లా తెరిచారు. "ఒక్క స్విచ్ వేసి ఉంటే ఇల్లు ఉండేది కాదమ్మా. మీకెవరు నేర్పారు?" అన్నాడు వాళ్ల పెద్ద.

ఆ మాట వినగానే చిన్నకోడలు కొట్టు అరుగు మీద కూలబడి ఏడ్చేసింది.

"అక్కా, ఆ రోజు నలుగురి ముందూ అలా అనకుండా ఉండాల్సింది. నోరుజారాను. మూడేళ్లు ఎలా చెప్పాలో తెలియలేదు."

పెద్దకోడలు పక్కన కూర్చుంది.

"నువ్వన్నది నిజమే. చంక దగ్గర కొలత తప్పు రాసుకున్నాను. నువ్వు వేసుకున్నప్పుడే చూశాను."

చిన్నకోడలు ఏడుపాపి తలెత్తింది. "చూశావా? మరి చెప్పలేదేం?"

"నువ్వు ముందే అనేశావుగా!"

ఒకళ్లనొకళ్లు చూసుకున్నారు. ముందు ఎవరికి నవ్వొచ్చిందో తెలియదు. ఇద్దరూ పొట్టలు పట్టుకుని నవ్వుతుంటే, బుజ్జిదీ చప్పట్లు కొట్టింది.

"మీ రాజీ తీరిగ్గా చేసుకుందురు గానీ," అంది అత్తగారు, కొట్టు ముందు కుర్చీకి కట్టేసి ఉండి, "ముందీ బెల్టు విప్పండే! ఊపిరాడక చస్తున్నా!"

కబురు తెలిసి అన్నదమ్ములు పరుగున వచ్చేసరికి, ముగ్గురూ కొట్టతను ఇచ్చిన టీ తాగుతున్నారు. పెద్దవాడు తల్లి చేతులు పట్టుకున్నాడు. చిన్నవాడు పిల్లని ఎత్తుకుని గుండెకి హత్తుకున్నాడు. బడినుంచి వచ్చిన పదకొండేళ్ల అమ్మాయి మాత్రం, "నేను లేనప్పుడే జరగాలా?" అని అలిగింది. బేకరీవాడు వచ్చి పదిసార్లు క్షమాపణ చెప్పి, వారంలోగా గొట్టాలన్నీ మార్పించాడు.

క్లాసులు అయిపోయాక ఈలాయన ఇంటికొచ్చాడు. అవతలి వీధివాళ్లకి కొత్త క్లాసులు మొదలవుతున్నాయనీ, కుర్చీ మొయ్యడం తోటికోడళ్లే నేర్పితే బాగుంటుందనీ అన్నాడు.

"నలుగురిలో మాట్లాడ్డమా? నావల్ల కాదు," అంది పెద్దకోడలు.

"అక్క మాట్లాడుతుందండీ," అంది చిన్నకోడలు. "నేను పక్కనుంటాను."

ఆ ఆదివారం ముప్ఫైమంది ముందు పెద్దకోడలు లేచి నిలబడింది. మొదటి రెండు ముక్కలూ గొంతులోనే ఉండిపోయాయి. మూడోది బయటికొచ్చింది. తర్వాత ఆపడం కష్టమైంది. కుర్చీ ఎలా ఎత్తాలో చెప్పింది, బెల్టు గుడ్డ ఎంత వెడల్పు కత్తిరించాలో చెప్పింది, ఇంట్లో బీమా డబ్బు ఎవరు కడుతున్నారో ఇవాళే ఇంటికెళ్లి అడగమంది. చిన్నకోడలు మధ్యమధ్యలో అందుకుని దిద్దుతుంటే, "అలా కాదు, నేను చెప్పేదే రైటు," అని వాదనకి దిగింది. జనం పడీపడీ నవ్వారు. గంట క్లాసు రెండు గంటలు సాగింది.

ఇంటికి నడుస్తూ, వచ్చే వారం ఏం చెప్పాలో చర్చించుకున్నారు. ఇద్దరూ ఒకేసారి మాట్లాడుతున్నారు. ఆగి వినే తీరిక ఒక్కరికీ లేదు.