మీటర్ల గదిలో అట్టముక్క

ఆ పిల్లకి పెట్టిన పేరు వేరే ఉంది గానీ, నాలుగంతస్తుల ఆ మేడలో అందరికీ ఆమె పిడుగే. తొమ్మిదేళ్లు. లోపల మనుషులుండగా లిఫ్టు స్విచ్ దించేసి, వాళ్ల కేకలు వింటూ మెట్ల కింద కూర్చుని నవ్వడం అప్పటికి రెండుసార్లయింది. రెండోసారి నాన్న కొట్టలేదు. "ఇంకొక్క ఫిర్యాదొస్తే హాస్టల్లో పడేస్తా" అన్నాడంతే. ఆయన అన్నాడంటే అన్నట్టే.

ఆ ఆదివారం మధ్యాహ్నం లిఫ్టు బాగుచెయ్యడానికి ఆమె మేనమామ వచ్చాడు. అతని పనే అది. మీటర్ల గదిలో స్విచ్ దించి, దానికో అట్టముక్క తగిలించాడు: "లోపల మనిషి పనిలో ఉన్నాడు. ముట్టుకోవద్దు." తర్వాత లిఫ్టు కింది గుంతలోకి దిగాడు.

అట్ట చదవగానే పిడుగుకి రెండో అంతస్తులో ట్యూషన్ మాస్టారు గుర్తొచ్చారు. అన్నం తిని స్నానాలగదిలో దూరారంటే అరగంటకి గానీ బయటికి రారు. అట్ట పట్టుకెళ్లి ఆ తలుపుకి తగిలించింది. ట్యూషన్ పిల్లలు నోటికి చేతులడ్డం పెట్టుకుని మెలికలు తిరిగిపోయారు. గడియ చప్పుడు కాగానే పీకి సంచిలో కుక్కుకుంది. మళ్లీ కింద పెట్టేసి రావాలనే అనుకుంది. ఈలోగా మాస్టారు లెక్కలిచ్చి కూర్చోబెట్టేశారు.

రెండో లెక్కలో ఉండగా వాచ్‌మన్ తాత పుస్తకాల కట్ట మోసుకుంటూ ఆయాసపడుతూ వచ్చాడు.

"లిఫ్టు కదలట్లేదండీ మాస్టారూ. అన్నానికెళ్లి వచ్చేసరికి మళ్లీ ఎవరో స్విచ్ దించేసినట్టున్నారు. వెళ్లి వేస్తా" అంటూ పిడుగు వైపు ఓ చూపు చూసి వెళ్లిపోయాడు.

పిడుగుకి గుంతలో ఉన్న మామయ్య గుర్తొచ్చాడు. చెబితే అట్ట సంగతీ చెప్పాలి. అది చెబితే హాస్టలే. మామయ్య ఈపాటికి పైకొచ్చేసి ఉంటాడులే అనుకుంది. తాత చెప్పులు మెట్టు మెట్టుకీ టపటపమంటూ దిగిపోతున్నాయి. పెన్సిలు మొన విరిగితే చెక్కుకుంది కూడా. చెప్పుల చప్పుడు ఆగిపోయింది.

అప్పుడు లేచి పరిగెత్తింది. మెట్లు దూకుతూ కిందికి చేరేసరికి గోడ లోపల మోటారు గుర్రుమంది. వెంటనే మామయ్య కేక. తాతని పక్కకి తోసి స్విచ్ దించేసింది.

మామయ్య ప్రాణం దక్కింది. కుడిచేతి వేళ్లు రెండు దక్కలేదు.

వారం రోజులు పిడుగుని అందరూ నెత్తిన పెట్టుకున్నారు. నాన్న సైకిలు కొన్నాడు. అట్ట తగిలించే దిగానన్నాడు మామయ్య. స్విచ్ దగ్గర ఏ అట్టా లేదని తాత కనబడ్డవాళ్లందరికీ చెప్పుకున్నాడు. తాతని ఎవరూ నమ్మలేదు. నెలాఖరుకి వాచ్‌మన్ గది ఖాళీ చెయ్యమన్నారు.

ఓ సాయంత్రం మామయ్య అడిగాడు. "తాత స్విచ్ వేస్తాడని నీకెలా తెలిసిందే?"

"మాస్టారింట్లో చెప్పాడు."

"మరి అక్కడే ఆపలేదేం?"

పిడుగు అంతా చెప్పేసింది. మామయ్య కట్టు కట్టిన చెయ్యి ఒళ్లోకి తీసుకున్నాడు.

"నాకు చెబితే ఏం లాభం? తాతకి చెప్పు" అన్నాడు.

తాత గదిలో దుప్పట్లు అప్పటికే మూటకట్టి ఉన్నాయి. ఆమె గుమ్మంలో నిలబడి మొదట్నుంచీ చెప్పింది. తాత తిట్టలేదు. మంచం అంచున కూలబడ్డాడు.

"అయితే నేను దిగుతున్నంతసేపూ నీకు తెలుసన్నమాట."

"తెలుసు తాతా."

ఆయన లేచి ఆమెను వెంటబెట్టుకుని నాన్న దగ్గరికి వెళ్లాడు. తలుపు తీసిన నాన్న నవ్వుతూనే ఉన్నాడు.

తాత గది ఖాళీ చెయ్యలేదు. సెలవులయ్యాక పిడుగు హాస్టలుకి వెళ్లింది. పెట్టె మామయ్యే మోశాడు, ఎడంచేత్తో.