జడ్జిగారికి ఒక చెంచా

“ముందు జడ్జిగారికి ఒక చెంచా వెయ్యి” అన్నాడు భర్త, కూర గిన్నె మూత తీసీ తియ్యకముందే.

ఆ ఇంట్లో జడ్జిగారంటే పిల్లి. ఒళ్ళంతా బూడిదరంగు, మెడ కింద మాత్రం తెల్లటి మచ్చ. కోర్టుల్లో కట్టుకునే తెల్ల పట్టీలా ఉందని ఆ పేరు పెట్టింది అతనే. పెళ్ళయిన రెండో ఏడు ఆఫీసు మెట్ల కింద దొరికిందని జేబులో వేసుకుని తెచ్చాడు. తెచ్చింది అతనే అయినా, దాని మట్టిపెట్టె శుభ్రం చేసేదీ, సోఫాకి అంటిన బొచ్చు దులిపేదీ, పాలు వెచ్చబెట్టేదీ ఆమె. ఆ ఇంట్లో పనుల పంపకం ఎప్పుడూ అలాగే జరిగిపోయేది, ఎవరూ కూర్చుని పంచకుండానే.

ఆచారం ఆరేళ్ళనాటిది. బల్ల పక్కన నేల మీద చిన్న సాసరు ఉంటుంది. అందులో ఒక చెంచా కూర వెయ్యాలి. పిల్లి వచ్చి వాసన చూస్తుంది. తింటే “పాస్!” అంటాడు అతను. ముఖం తిప్పుకుంటే “మళ్ళీ రాయాల్సిందే.” అన్నిటికంటే అతనికి ఇష్టమైనది ఇంకోటుంది. అప్పుడప్పుడూ పిల్లి సాసరు చుట్టూ నేలని పంజాతో గీకేది, ఏదో మట్టి కప్పుతున్నట్టు. “చూశారా, పూడ్చిపెడుతోంది! పిల్లి దేన్ని పూడ్చిపెడుతుందో మీకు తెలుసుగా?” అని అతనంటే వచ్చినవాళ్ళు పొట్ట చేత్తో పట్టుకుని నవ్వేవాళ్ళు. అత్తగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకునేది. వండిన ఆమె కూడా నవ్వేది. నవ్వకపోతే “మా ఆవిడకి హాస్యం తెలీదు” అంటాడు. నవ్వితే, రెండు గంటలు పొయ్యి ముందు నిలబడి చేసిన దాన్ని అలా అన్న మాట కింద తనే సంతకం పెట్టినట్టు. ఒకసారి అతని స్నేహితుడి పుట్టినరోజని పాలూ గుడ్లూ చక్కెరా కలిపి కస్టర్డ్ చేసింది. పిల్లి ముక్కు దగ్గర పెట్టి చూసి, తోక ఊపుకుంటూ వెళ్ళిపోయింది. “దొంగపాలు తాగే జన్మ కూడా వద్దనేసిందంటే అర్థం చేసుకోండి” అన్నాడు అతను. ఆ రోజు కస్టర్డ్ గిన్నె గిన్నెగానే మిగిలిపోయింది. సింకు దగ్గర నిలబడి ఆమె ఒక్కతే తిన్నది. బాగుందో లేదో ఆమెకి తెలియలేదు.

ఆమె ఒక ముద్రణాలయంలో ప్రూఫ్‌రీడర్. బడిపిల్లల పుస్తకాలు దిద్దుతుంది. ఒక పేజీలో పన్నెండు తప్పులు పట్టుకున్న రోజున ఆమె ఉన్నట్టు ఎవరికీ గుర్తుండదు. పదమూడోది జారిపోయిన రోజున ఫోర్‌మన్ నుంచి యజమాని దాకా అందరి నోటా ఆమే. “చూసింది మీరేగా అమ్మా?” అంటారు, చాలా మర్యాదగా. అక్కడ అలా తల దించుకుని ఇంటికొస్తే ఇక్కడ నేల మీద సాసరు. రానురాను ఆమె ఉప్పు చూసేటప్పుడు, పోపు వేసేటప్పుడు, ఓరగా కిటికీ గట్టు వైపు చూడడం మొదలుపెట్టింది. అక్కడ పిల్లి కళ్ళు సగం మూసుకుని కూర్చుని ఉండేది. దాని మీసం కదిలితే ఆమె గుండె కదిలేది. దాన్ని చూస్తే ఒళ్ళు మండేది కూడా. ఎవరూ చూడనప్పుడు రెండుసార్లు దాన్ని పాదంతో పక్కకి నెట్టింది. ఆ తర్వాత ఎత్తుకుని క్షమించమన్నట్టు చెవుల వెనక నిమిరింది.

రెండు నెలల కిందట ఒక సంగతి జరిగింది. చేప వేపిన నూనె పారబొయ్యడం ఇష్టంలేక ఒక గరిటెడు ఉల్లిపాయల గ్రేవీలో కలిపింది. ఆ రోజు పిల్లి సాసరు నాకి నాకి మెరిసేలా చేసింది. “పాస్! ఫస్ట్ క్లాస్!” అని అతను బల్ల చరిచాడు. ఆమెకి చెవుల దాకా సంతోషం పొంగింది. వెంటనే, ఒక పిల్లి మెచ్చుకుందని ఇంత పొంగిపోయానా అని సిగ్గేసింది. కానీ మర్నాటి నుంచి డబ్బాల వెనక ఒక చిన్న సీసా చేరింది, చేపనూనెతో. రోజూ ఒక చెంచా. పిల్లి ఆబగా తినేది. అతను ముచ్చటపడి రెండో చెంచా, మూడో చెంచా వేసేవాడు. “జడ్జిగారు ఇంకో సాక్ష్యం అడుగుతున్నారు” అనేవాడు. రెండు నెలలు ఆ ఇంట్లో ఎవరూ ఆమెని చూసి నవ్వలేదు.

ఈ శనివారం మధ్యాహ్నం మాత్రం, ఆమె చెంచా వేశాక, పిల్లి చాలాసేపటికి గానీ రాలేదు. వచ్చి సాసరు ముందు నిలబడింది. వాసన కూడా చూడకుండా అక్కడే పడుకుంది.

“ఫెయిల్” అన్నాడు అతను. “ఇన్నాళ్ళకి మళ్ళీ ఫెయిల్. ఏమోయ్, రేపు ఇలా చేసి నా పరువు తీయకు. మా ఆఫీసరుగారూ వాళ్ళావిడా భోజనానికొస్తున్నారు. మన జడ్జిగారి కథ ఆఫీసంతా తెలుసు. ఆయన ప్రత్యేకంగా అడిగాడు, పిల్లి పరీక్ష చూడాలని.”

నూనె చాలలేదేమో. ఆమెకి మొదట తట్టింది అదే. రేపు రెండు చెంచాలు వెయ్యాలి అనుకుంది.

ఆదివారం పొద్దున్న ఉల్లిపాయలు తరుగుతుంటే కిటికీ గట్టు ఖాళీగా కనిపించింది. వెతికితే బట్టలుతికే మెషీను వెనక, గోడకీ గొట్టానికీ మధ్య ముడుచుకుని ఉంది. పిలిస్తే చెవి కదిలింది, అంతే. లాగి ఒళ్ళో పెట్టుకుంటే ఊపిరి చిన్నచిన్నగా, పరుగెత్తి వచ్చిన మనిషిలా తీస్తోంది. పెదవి ఎత్తి చూసింది. లేతగులాబీలా ఉండే చిగుళ్ళు కాగితంలా ఉన్నాయి. మట్టిపెట్టెలో తడి ఎర్రటి గోధుమరంగులో ఉంది. మూడు రోజులుగా అలాగే ఉందేమో. శుభ్రం చేసింది తనే, కానీ చూడలేదు.

“దీనికేదో అయింది. డాక్టరు దగ్గరికి తీసుకెళ్తాను” అంది.

అతను షేవింగ్ నురగతో వెనక్కి తిరిగాడు. “ఇప్పుడా? పన్నెండున్నరకి వాళ్ళొస్తారు. పిల్లులకి అవే తగ్గిపోతాయి.”

“చిగుళ్ళు తెల్లబడిపోయాయండీ.”

“వంట తప్పించుకోడానికి బాగా దొరికింది వంక.”

అత్తగారు తలుపు దగ్గర నిలబడి ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. ఆమె చేతికి ఉల్లిపాయ వాసన ఉండగానే, ఉతికిన బట్టలు పెట్టే బుట్టలో తువ్వాలు పరిచి, పిల్లిని పడుకోబెట్టి, ఆటో ఎక్కింది.

జంతువుల ఆసుపత్రిలో డాక్టరు ఆమె కంటే చిన్నది. తక్కువ మాట్లాడే మనిషి. పిల్లి ముంగాలి బొచ్చు గొరిగి రక్తం తీసింది, లోపలికెళ్ళింది, ఇరవై నిమిషాలకి వచ్చింది.

“ఏం పెడుతున్నారండీ దీనికి?”

“పాలు, ఉడికించిన చేప... మేం తినేది కూడా కొంచెం.”

“అందులో ఉల్లిపాయ ఉంటుందా?”

“ఉంటుంది.”

“ఎన్నాళ్ళుగా?”

“ముందు ఎప్పుడో ఒకసారి ముట్టేది. రెండు నెలలుగా రోజూ తింటోంది.”

డాక్టరు కలం పక్కన పెట్టింది. “ఉల్లీ వెల్లుల్లీ పిల్లికి విషం. రక్తకణాలు పగిలిపోతాయి. ఒక చెంచాయే కదా అనుకుంటారు. రోజూ ఒక చెంచా ఒంట్లో పేరుకుంటుంది. మామూలుగా ఆ ఘాటుకి దగ్గరికే రావు. ఇది ఎలా తిన్నదసలు?”

గది చిన్నది. తెల్లటి బల్ల మీద పిల్లి డొక్క ఎగసి పడుతోంది. తెలీదని అనవచ్చు. ఆయనే పెట్టేవారని అనవచ్చు. అది అబద్ధమూ కాదు.

“చేపనూనె కలిపాను. తింటుందని.”

“తినాల్సిన అవసరమేముంది?”

ఆమె చెప్పింది. ఆరేళ్ళ సాసరు, పాసు, ఫెయిలు, కస్టర్డ్, నేల గీకడం, నవ్వులు. చెబుతుంటే ఎంత చిన్నగా, ఎంత వెర్రిగా వినిపించిందో. డాక్టరు నవ్వుతుందని ఎదురుచూసింది. డాక్టరు నవ్వలేదు.

“పిల్లికి తీపి తెలీదండీ” అంది డాక్టరు, పిల్లి వీపు మీద చెయ్యేసి. “దాని నాలుక మీద ఆ రుచే లేదు. కస్టర్డ్‌లో చక్కెర ఉన్నా లేకపోయినా దానికొకటే. ఇక గీకడమంటారా, మిగిలింది దాచుకునే అలవాటు. వాటి జాతికే ఉంది. బాగాలేదని కాదు.” తువ్వాలు పిల్లి మీదికి లాగింది. “మీ వంట గురించి ఇది ఎప్పుడూ ఏమీ చెప్పలేదు.”

ఆమెకి కళ్ళ నీళ్ళు రాలేదు. ఆరేళ్ళు. ఏమీ అనని ఒక ప్రాణి నోట్లో అతను మాటలు పెట్టాడు. ఆ మాటలకి భయపడి తను విషం పెట్టింది.

“బతుకుతుందా?”

“రక్తం ఎక్కించాలి. రెండు రోజులు గడిస్తే చెప్తాను. ఇక్కడ ఉంచి వెళ్ళండి.”

ఇంటికి వచ్చేసరికి పన్నెండు. అత్తగారు మాంసం ఉడికించి, గ్రేవీ దింపి ఉంచింది. ఆమె చేతులు కడుక్కుని కంచాలు సర్దింది. ఆఫీసరుగారు పెద్ద నవ్వు మనిషి. ఆయన భార్య సన్నగా, ఎవరి కంచంలో ఏం తక్కువైందో చూస్తూ కూర్చుంది.

“ఏదయ్యా మీ జడ్జి?” అన్నాడు ఆఫీసరు.

“పిలుస్తాను సార్. ఏమోయ్, సాసరేదీ?”

“పిల్లి ఆసుపత్రిలో ఉంది” అంది ఆమె.

“అదే సార్, పొద్దున్నే మా ఆవిడ వంట వాసన తగిలి...” అని అతను మొదలుపెట్టాడు. ఆఫీసరు నోరు అప్పటికే సగం తెరుచుకుంది, నవ్వడానికి.

“దాని రక్తకణాలు పగిలిపోయాయి” అంది ఆమె. గొంతు పెద్దది చెయ్యలేదు. “ఉల్లిపాయ పిల్లికి విషమట. మీ అందరి ముందూ ఈయన నన్ను ఫెయిల్ చేస్తారని భయపడి, అది తినేలా నేను చేపనూనె కలిపాను. ఒక చెంచా నేను వేసేదాన్ని. రెండోదీ మూడోదీ ఈయన వేసేవారు. అదండీ మీరు చూడాలనుకున్న పరీక్ష.”

ఎవరి చేతిలోనో చెంచా కంచానికి తగిలింది. భర్త ముఖం ఎర్రబడి, వెంటనే నవ్వులోకి మారబోయి, మారలేక ఆగిపోయింది. “చూశారా సార్, మా ఆవిడ సీరియస్ మనిషి” అన్నాడు. ఆఫీసరు నవ్వలేదు. తన కంచంలోకి చూసుకున్నాడు. ఆయన భార్య మాత్రం చెయ్యి చాచి గిన్నె దగ్గరికి లాక్కుని, “ఇలా ఇవ్వమ్మా, నేను వడ్డించుకుంటాను. నువ్వూ కూర్చో” అంది. ఆమె కూర్చుంది.

వాళ్ళు వెళ్ళగానే తలుపు గడియ పెట్టి, “నలుగురిలో నన్ను ఎంత మాటన్నావు!” అన్నాడు అతను.

“ఒక్కరోజే కదండీ” అంది ఆమె.

“తమాషాకి అన్నదాన్ని పట్టుకుని...”

“తమాషా అయితే ఆరేళ్ళలో ఒక్కసారైనా నాకు నవ్వు రావాలిగా.”

అతను గదిలోకి వెళ్ళి టీవీ పెట్టుకున్నాడు. సాయంత్రం గిన్నెలు తుడుస్తుంటే అత్తగారు వంటింట్లోకి వచ్చింది. సర్దిన గ్లాసులే మళ్ళీ సర్దింది.

“వాడు నా కొడుకు, కష్టంగా ఉంది నాకు” అంది. “నలుగురిలో అనకుండా ఉండాల్సిందమ్మాయ్.”

“ఆయన నలుగురిలోనే అనేవారు అత్తయ్యా.”

“అవును. నేనూ నవ్వేదాన్ని.” గ్లాసు బోర్లించింది. “మీ మావయ్య ఉన్నన్నాళ్ళూ ఆయన ముఖం చూస్తూ వండాను. మొదటి ముద్ద ఆయన గొంతు దిగేదాకా నాకు ఊపిరాడేది కాదు. నువ్వు పిల్లి ముఖం చూశావు. ఇది నవ్వుకునే విషయమని ఎలా అనుకున్నానో మరి.” వెళ్ళి పడుకుంది.

సోమవారం, మంగళవారం ఆమె ముద్రణాలయం నుంచి తిన్నగా ఆసుపత్రికి వెళ్ళింది. పిల్లి గాజు తలుపు వెనక, కాలికి గొట్టంతో, ఆమెని గుర్తుపట్టనట్టే చూసింది. ఇంట్లో రెండు పూటలూ అత్తగారే వండింది. బుధవారం పొద్దున్న ఆమె చెప్పుల్లో కాళ్ళు పెడుతుంటే అతను అడిగాడు, “ఎప్పుడొస్తుంది అది?”

“తగ్గాక. కానీ ఇక బల్ల దగ్గరికి రాదు. సాసరు తీసేశాను. నేను వండిన రోజు నచ్చితే తినండి. నచ్చకపోతే నచ్చలేదని మీ నోటితో మీరే చెప్పి, మీరే వండుకోండి. మధ్యలో ఎవరూ ఉండరు.”

“ఇంకా కోపమేనా?”

ఆమె ఆలోచించింది. “కాదనుకుంటాను” అంది నిజాయితీగా. తలుపు దగ్గరగా వేసి మెట్లు దిగింది.

ఆ సాయంత్రం డాక్టరు గాజు తలుపు తీసింది. “రక్తం పెరుగుతోంది. ఏమైనా తింటుందేమో చూడండి” అంటూ ఉప్పు లేకుండా ఉడికించిన కోడి ముక్క చేతికిచ్చింది. పిల్లి ముక్కు ముందుకు చాచింది. ఆమె దాని ముఖం చూడలేదు. కళ్ళు పక్కకి తిప్పుకుని అరచెయ్యి అలాగే పట్టుకుంది. కాసేపటికి గరుకు నాలుక వేళ్ళకి తగిలింది. ఒకసారి, మళ్ళీ ఒకసారి. అప్పుడు ఏడ్చింది, నాలుగు రోజుల్లో మొదటిసారి. డాక్టరు వేరే బోను వైపు వెళ్ళింది.

బయటికి వచ్చాక ఆకలి తెలిసింది. ఎదురుగా చిన్న ఫలహారశాల ఉంది. ఇలాంటి చోటికి ఒంటరిగా ఎప్పుడూ వెళ్ళలేదు. ఇంట్లో వాళ్ళతో వెళితే ఎవరేం తింటారో అందరిదీ చెప్పి, చివర “నాకూ అదే” అనడం అలవాటు. లోపల గల్లాపెట్టె దగ్గర లావుపాటి మనిషి తల ఎత్తకుండా, “ఏం కావాలండీ?” అన్నాడు.

గోడ మీద బోర్డు నిండా పేర్లు. అతనికి పులుపు పడదు, అత్తగారికి నమిలేవి కష్టం. ఒక్కొక్క పేరు దగ్గరా ఎవరో ఒకరి నోరు గుర్తొస్తోంది. తన నోరు గుర్తు రావడం లేదు. వెనక ముగ్గురు నిలబడ్డారు. ఎవరో చిల్లర గలగలలాడించారు. ఎవరో గట్టిగా నిట్టూర్చారు.

“అమ్మా, తొందరగా చెప్పండి. వెనక జనం ఉన్నారు” అన్నాడు గల్లా మనిషి.

ఆమె పక్కకి జరగలేదు.

“ఆగండి” అంది. “నాకేం ఇష్టమో ఆలోచించుకుంటున్నాను.”